ఎక్స్‌టీలో 8088 తీసి వీ20 పెట్టడం: అపోహలు - వాస్తవాలు

1980ల నాటి కంప్యూటర్లైన ఐబీఎం పీసీ, ఎక్స్‌టీల్లోని ఇంటెల్ 8088 ప్రాసెసర్ తీసేసి, 1984లో వచ్చిన ఎన్ఈసీ కంపెనీ ప్రాసెసర్ వీ20 పెట్టుకోవచ్చు. రెండూ 40 కాళ్ల చిప్పులే, ఒకే సాకెట్లో కూర్చుంటాయి. కానీ దీని గురించి చెప్పుకునే మాటల్లో సగం నిజం కాదు.

అపోహ: 10 మెగాహెర్ట్జ్ వీ20 పెడితే మెషీన్ 10 మెగాహెర్ట్జ్‌లో నడుస్తుంది.

వాస్తవం: చిప్ మీద ఉన్న అంకె అది తట్టుకోగల వేగం. చిప్‌ను నడిపే క్లాక్ (క్రమం తప్పని విద్యుత్ తాళం) ఇచ్చేది బోర్డు. 14.318 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌ను 8284 చిప్ మూడుతో భాగించి 4.77 మెగాహెర్ట్జ్ ఇస్తుంది, వీ20 వచ్చినా అది మారదు. లాభమంతా చిప్ లోపలే: 16 బిట్ల గుణకారానికి 8088 కనీసం 118 క్లాకులు తీసుకుంటే, వీ20కి సుమారు 30 చాలు. మెమరీ నుంచి బైటు తేవడానికి మాత్రం రెండింటికీ నాలుగేసి క్లాకులు పడతాయి. అందుకే లెక్కల ప్రోగ్రాముల్లో తేడా బాగా తెలుస్తుంది, ఫైలు కాపీలో తెలియదు.

అపోహ: జెడ్80 అనే మరో ప్రాసెసర్ ప్రోగ్రాములూ నడుస్తాయి.

వాస్తవం: నడిచేవి ఇంటెల్ పాత ప్రాసెసర్ 8080 ఆదేశాలే. వాటికీ చిప్‌ను ఆ మోడ్‌లోకి మార్చే ఎమ్యులేటర్ ప్రోగ్రాము కావాలి.

అపోహ: సాకెట్టే కదా, పీకి పెట్టేయడమే.

వాస్తవం: ఎక్కువ బోర్డులు పాడయ్యేది ఇక్కడే. పవర్ వైరు గోడ నుంచి తీసేయండి, కేసు లోహాన్ని ముట్టుకోండి. చిప్ చివరనున్న గాటు ఎటు ఉందో ఫోటో తీసుకోండి. చిన్న చదునైన స్క్రూడ్రైవర్‌ను చిప్‌కూ సాకెట్‌కూ మధ్యే దూర్చాలి. సాకెట్ కిందికి పోతే బోర్డు గీతలు తెగుతాయి. ఒక చివర ఒక మిల్లీమీటరు, తర్వాత రెండో చివర ఒక మిల్లీమీటరు, ఇలా మార్చి మార్చి లేపండి.

కొత్త చిప్ కాళ్లు బయటికి విచ్చుకుని ఉంటాయి. ఒక్కో వరుసను బల్లకు ఆనించి, నిటారుగా అయ్యేలా మెల్లగా వంచాలి. పెట్టాక నలభై కాళ్లనూ పక్క నుంచి టార్చి వేసి లెక్కపెట్టండి.

తిరగేసి పెడితే క్షమించే చిప్ కాదిది. 40వ కాలు +5 వోల్టులు, 20వది గ్రౌండ్. తిరగబడితే ఆ రెండూ తారుమారై చిప్ కాలిపోతుంది.

అపోహ: 8088లో నడిచేవన్నీ నడుస్తాయి.

వాస్తవం: దాదాపు అన్నీ. సమయాన్ని లూపులతో కొలుచుకునే పాత ఆటలు మాత్రం మరీ వేగంగా పరిగెడతాయి. రెండు అంకెలను ఒకే సంఖ్యగా కలిపే ఏఏడీ ఆదేశంలోనూ తేడా ఉంది: ఆధారసంఖ్య ఎంతిచ్చినా వీ20 పదే వాడుతుంది. నకిలీని పట్టడానికి ఇదే మంచి సాధనం, ఎందుకంటే మామూలు 8088 మీద అచ్చు మార్చి అమ్మేవాళ్లున్నారు. డాస్‌తో వచ్చే డీబగ్ ప్రోగ్రాములో ఏఎక్స్ రిజిస్టరుకు (ప్రాసెసర్ లోపలి చిన్న గడికి) 0101 ఇచ్చి, ఏఏడీ ఆదేశమైన డీ5, 02 బైట్లు నడపండి. ఏఎక్స్‌లో 0003 వస్తే 8088, 000బి వస్తే వీ20.

అపోహ: వీ20 దొంగ కాపీ.

వాస్తవం: ఇంటెల్ మైక్రోకోడ్ (ఆదేశాలను నడిపే, చిప్ లోపలి ప్రోగ్రాము) కాపీరైటును ఎన్ఈసీ ఉల్లంఘించలేదని 1989లో అమెరికా కోర్టు తేల్చింది.

అపోహ: ఫ్యాన్ తిరిగి తెర నల్లగా ఉంటే చిప్ చచ్చినట్టే.

వాస్తవం: ముందు చిప్ కిందికి మడుచుకుపోయిన కాలు ఉందేమో చూడండి. సన్న మూతి పటకారుతో ఒక్కసారే సరిచేయండి, పదేపదే వంచితే విరుగుతుంది. కాళ్లన్నీ బాగుంటే, సాకెట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనిచ్చి, పాత 8088 పెట్టి చూడండి. దానితోనూ తెర రాకపోతే తప్పు వీ20ది కాదు.