నిప్పు లేని పొగ

బెంగళూరు మారతహళ్లిలో మా ఆఫీసు వెనక టీ కొట్టు దగ్గర సాయంత్రం నాలుగు దాటితే సగం తెలుగే వినిపిస్తుంది. అక్కడ మా ఒంగోలు మిత్రుడొకడు పెన్ను లాంటి వేప్, అంటే ఈ-సిగరెట్, పీలుస్తూ "సిగరెట్ కన్నా ఇది 95 శాతం సేఫ్ రా" అంటాడు. కర్ణాటక 2016లోనే, కేంద్రం 2019లో దీని అమ్మకాన్ని నిషేధించాయి. సిగరెట్ పెట్టెలు మాత్రం కొట్లో దర్జాగా ఉంటాయి.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. సిగరెట్‌లో అసలు విలన్ ఆ నిప్పే. దమ్ము లాగినప్పుడు కొసన వేడి 900 డిగ్రీల దాకా పోతుంది. ఆకు కాలి 7,000కు పైగా రసాయనాలు పుడతాయి, వాటిలో 70 దాకా క్యాన్సర్ తెచ్చేవి. మన శ్రీకాకుళం, విశాఖ తీరంలో కొందరు ఆడవాళ్లు చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. మామూలుగా పొగ తాగేవాళ్లలో అరుదైన అంగిలి క్యాన్సర్ వాళ్లలో కనిపిస్తుంది.

వేప్‌లో ఆకూ లేదు, మంటా లేదు. బ్యాటరీతో వేడెక్కే కాయిల్ ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, నికోటిన్, ఫ్లేవర్ కలిసిన ద్రవాన్ని సన్నటి తుంపర చేస్తుంది. సిగరెట్ పూర్తిగా వదిలి దీనికి మారినవాళ్ల మూత్రంలో క్యాన్సర్ కారకాల ఆనవాళ్లు బాగా తగ్గాయని పరీక్షల్లో తేలింది. అలాగని ఒట్టి నీటి ఆవిరి కాదు. కాయిల్ నుంచి నికెల్, క్రోమియం లాంటి లోహాలు కలుస్తాయి, ద్రవం మరీ కాగితే ఫార్మాల్డిహైడ్ పుడుతుంది.

మరి ఆ 95? కొందరు నిపుణులు కూర్చుని, ఏ పొగాకు సరుకు ఎంత చెడ్డదో మార్కులు వేసి, 2014లో ప్రచురించిన అంచనా అది. మరుసటి ఏడు ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ చెప్పడంతో ఊరూరా పాకింది. ఎవరి ఊపిరితిత్తుల్లోనూ కొలిచింది కాదు.

అవతలి పక్షం లెక్కలూ జారాయి. వేప్‌తో గుండెపోటు ముప్పు పెరుగుతుందని 2019లో అమెరికాలో ఒక పత్రం వచ్చింది. గుండెపోటు ముందా, వేప్ ముందా అన్నది తేల్చలేకపోవడంతో 2020లో జర్నల్ దాన్ని వెనక్కి తీసుకుంది. ఇక్కడే ఉంది చిక్కంతా. వేప్ పట్టుకున్న పెద్దవాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి సిగరెట్ తాగినవాళ్లే. పాత పొగ చేసిన గాయాన్ని కొత్త తుంపర నుంచి విడదీయడం ఎలా? పైగా ఈ పరికరం చైనాలో పుట్టిందే 2003 ప్రాంతంలో. క్యాన్సర్‌కు దశాబ్దాలు పడుతుంది. సిగరెట్ మీద కూడా గట్టి లెక్కలు వచ్చింది 1950లోనే, అప్పటికి రెండు తరాలు తాగేశాయి.

ఎప్పుడూ సిగరెట్ ముట్టని కాలేజీ కుర్రాడు మామిడి ఫ్లేవర్ కోసం మొదలుపెడితే, పోల్చాల్సింది సిగరెట్‌తో కాదు, మామూలు గాలితో. నికోటిన్ వాణ్ణీ వదలదు.

మానడానికి పనికొస్తుందా అంటే, కొంత. 2019లో బ్రిటన్‌లో 886 మందిని ఏడాది పాటు గమనిస్తే వేప్ అందుకున్నవాళ్లలో 18 శాతం సిగరెట్ మానేశారు, నికోటిన్ ప్యాచ్‌లు, చూయింగ్ గమ్‌ల వంటివి వాడినవాళ్లలో 9.9 శాతం. అయితే అలా మానినవాళ్లలో 80 శాతం ఏడాది చివర కూడా వేప్ పీలుస్తూనే ఉన్నారు.

మా ఒంగోలు వాడు సిగరెట్ ముట్టనివాడూ కాదు, మానినవాడూ కాదు. వేప్ జేబులో పెట్టి, టీతో పాటు ఒక సిగరెట్ వెలిగించాడు. రోజుకు ఒక్క సిగరెట్ తాగినా గుండెజబ్బు అదనపు ముప్పు, ఇరవై తాగేవాడికి ఉండే దాంట్లో సగం దాకా ఉంటుందన్న 2018 నాటి పరిశోధన గురించి వాడికి చెప్పాను.

"ఈ ఒక్కటీ టీ కోసం రా" అన్నాడు.