పెంపుడు జంతువులకు ఫ్లూ: ముక్కు దారి, నోటి దారి

కుక్కకు ఫ్లూ టీకా వేయించాలా? పిల్లికి పచ్చి మాంసం పెట్టొచ్చా? మనకు జ్వరం వస్తే వాటిని దగ్గరికి తీయొచ్చా? పాతికేళ్ల కిందట ఈ ప్రశ్నలు అడిగినవాళ్లు అరుదు. ఫ్లూ మనుషులకు, పందులకు, గుర్రాలకు, పక్షులకు వచ్చే జబ్బనీ, కుక్కలకూ పిల్లులకూ దాని బెడద లేదనీ పశువైద్యంలో సాధారణంగా నమ్మేవారు. ఆ ధీమా సడలడానికి కొన్ని సంఘటనలున్నాయి. ఇప్పుడు ఇస్తున్న ప్రతి జాగ్రత్త వెనకా వాటిలో ఏదో ఒకటి కనిపిస్తుంది.

విచిత్రమేమిటంటే, మనిషి ఫ్లూ వైరస్ దొరికిందే కుక్కల జబ్బు మీద జరిగిన పరిశోధన పుణ్యాన. 1920ల్లో లండన్ శివారు మిల్ హిల్‌లో పాట్రిక్ లైడ్‌లా, డన్కిన్ అనే పరిశోధకులు కలిసి, డిస్టెంపర్ అనే కుక్కల వైరస్ జబ్బుకు టీకా వెతుకుతూ, ముంగిసలా సన్నగా పొడుగ్గా ఉండే ఫెర్రెట్లను ప్రయోగాలకు వాడేవారు. 1933లో ఫ్లూ రోగులు పుక్కిలించిన నీటిని ఆ ఫెర్రెట్ల ముక్కుల్లో వేసి చూస్తే వాటికీ జ్వరం, తుమ్ములు. లైడ్‌లా, విల్సన్ స్మిత్, క్రిస్టఫర్ ఆండ్రూస్ మనిషి ఫ్లూ వైరస్‌ను పట్టుకున్నది అలాగే. 1936లో జబ్బుపడిన ఫెర్రెట్ ఒకటి చార్లెస్ స్టువర్ట్-హారిస్ అనే పరిశోధకుడి మొహం మీదే తుమ్మింది. రెండు రోజులు తిరిగేసరికి ఆయన మంచమెక్కాడు. ఫెర్రెట్లు పెంచుకునేవాళ్లకు ‘మీకు ఫ్లూ ఉంటే వాటిని ముట్టుకోకండి’ అని డాక్టర్లు మరీ మరీ చెప్పడం ఊరికే కాదు.

పిల్లుల సంగతి 1970లోనే బయటపడింది. 1968లో మనుషుల్లో ప్రబలిన హాంకాంగ్ ఫ్లూ వైరస్ పిల్లులకు సోకుతుందనీ, వాటి నుంచి పక్క పిల్లులకు పాకుతుందనీ కోళికోడ్ పరిశోధకులు పణికర్, నాయర్ ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో రాశారు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

2004లో మాత్రం కళ్లు మూసుకోవడం కుదరలేదు. జనవరిలో అమెరికాలోని ఫ్లోరిడాలో పందేల గ్రేహౌండ్ కుక్కలు 22 జబ్బుపడ్డాయి. 14 కుక్కలు జ్వరం, దగ్గుతో కొన్నాళ్లు బాధపడి తేరుకున్నాయి. మిగిలిన 8 చనిపోయాయి; కోసి చూస్తే ఊపిరితిత్తుల్లో నెత్తురు. ఫ్లోరిడా, కార్నెల్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు వెతికితే తేలింది గుర్రాల ఫ్లూ, హెచ్3ఎన్8 (హెచ్, ఎన్ పక్కన అంకెలు ఫ్లూ వైరస్ రకాన్ని చెప్పే గుర్తులు). గుర్రాల నుంచి కుక్కలకు దూకి, అక్కడే స్థిరపడి, కుక్క నుంచి కుక్కకు తిరగడం నేర్చింది. 2002లో ఇంగ్లండ్‌లో వేటకుక్కలకు వచ్చిన అంతుపట్టని దగ్గు కూడా గుర్రాల ఫ్లూయేనని తర్వాత పాత నమూనాలను పరీక్షిస్తే తెలిసింది. అంటే అది మన కళ్లముందే తిరిగింది, మనం చూడలేదు.

అదే ఏడాది థాయ్‌లాండ్‌లో మరో దారి తెరుచుకుంది. బర్డ్ ఫ్లూ హెచ్5ఎన్1 కోళ్లను తుడిచిపెడుతుండగా ఫిబ్రవరిలో ఒకే ఇంట్లో 15 పిల్లులకు 14 చనిపోయాయి. అక్టోబరులో శ్రీరాచా పులుల జూలో పచ్చి కోడిమాంసం తిన్న పులులకు జబ్బు మొదలై, కోడి పెట్టడం ఆపేశాక కూడా పులి నుంచి పులికి పాకింది. అక్కడున్న 441 పులుల్లో 147 చనిపోవడమో, వాటిని చంపాల్సి రావడమో జరిగింది. వైరస్ గాలిలోనే కాదు, తిండిలోనూ వస్తుందని ఇంత గట్టిగా చెప్పిన సంఘటన అప్పటికి లేదు. 2006లో జర్మనీలోని రూగెన్ దీవిలో పిల్లి ఒకటి బర్డ్ ఫ్లూతో చనిపోతే, జబ్బు ఉన్న ప్రాంతాల్లో పిల్లులను ఇంట్లోనే ఉంచాలనీ, కుక్కలను తాడు విప్పి వదలొద్దనీ ఆంక్షలు పెట్టారు.

తర్వాత పదేళ్లూ అందరి దృష్టీ ముక్కు దారి మీదే నిలిచింది. దానికి కారణమూ ఉంది. పక్షుల నుంచి వచ్చిన హెచ్3ఎన్2 దక్షిణ కొరియా, చైనా కుక్కల్లో స్థిరపడి, 2015లో షికాగో చేరి వెయ్యికి పైగా కుక్కలకు సోకింది. హెచ్3ఎన్8కు 2009లో, హెచ్3ఎన్2కు 2015 చివర్లో అమెరికాలో టీకాలు వచ్చాయి. మొదట రెండు డోసులు, తర్వాత ఏటా ఒకటి. ఇది జబ్బు తీవ్రతను తగ్గిస్తుందే గానీ అసలు సోకకుండా పూర్తిగా ఆపదు. వేరే కుక్కలు చేరే చోట్లకు, కుక్కల హాస్టళ్లకు వెళ్లే కుక్కకు వేయిస్తే మంచిదే. గడప దాటని కుక్కకు అంత అవసరం ఉండదు. హెచ్3ఎన్2 సోకిన కుక్క దగ్గు తగ్గాక కూడా మూడు వారాలదాకా వైరస్‌ను వదులుతుంటుంది కాబట్టి దాన్ని వేరుగా ఉంచడమే టీకా కన్నా ముఖ్యం.

పిల్లులకు ఇన్‌ఫ్లుయెంజా టీకా లేదు. ‘క్యాట్ ఫ్లూ’ టీకా వేయించాం కదా అని నిశ్చింతగా ఉండేవాళ్లు చాలామంది. అది హెర్పిస్, కాలిసి వైరస్‌ల కోసం, దానికీ దీనికీ సంబంధం లేదు. మనుషుల నుంచి పిల్లికి ఫ్లూ అంటుతుందనడానికి 2009లో అయోవా రాష్ట్రంలో రుజువు దొరికింది: స్వైన్ ఫ్లూ కాలంలో ఇంట్లోవాళ్లు జబ్బుపడ్డాక, వాళ్ల 13 ఏళ్ల పిల్లికీ అదే వైరస్. పిల్లి నుంచి మనిషికి రావడం 2016 చివర్లో న్యూయార్క్‌లో కనబడింది. అక్కడి షెల్టర్లలో వందలాది పిల్లులకు హెచ్7ఎన్2 సోకి, వాటికి వైద్యం చేసిన డాక్టరు ఒకరికి అంటింది. జబ్బు స్వల్పంగానే పోయింది.

నోటి దారి 2023లో మళ్లీ తెరుచుకుంది. జూన్‌లో పోలండ్‌లో పరీక్షించిన 47 నమూనాల్లో 29 హెచ్5ఎన్1 అని తేలాయి. గడప దాటని పిల్లులవి కూడా వాటిలో ఉన్నాయి. పచ్చి కోడిమాంసం మీదే అనుమానం. తర్వాతి నెల సియోల్ షెల్టర్లలో పిల్లులు చనిపోతే, సరిగా వేడి చేయకుండా అమ్మిన బాతుమాంసపు మేతలో వైరస్ దొరికింది. 2024 మార్చిలో టెక్సస్ పాడి ఫారంలో జబ్బు ఆవుల పచ్చిపాలు తాగిన 24 పిల్లుల్లో దాదాపు సగం చనిపోయాయి. చావుకు ముందు కొన్ని గుండ్రంగా తిరుగుతూ, చూపు పోయి తడుముకున్నాయి. ఏడాది చివరికల్లా ప్యాకెట్లలో అమ్మే పచ్చి మేత కూడా పిల్లుల చావులకు కారణమైంది. 2025 జనవరిలో అమెరికా ఆహార, ఔషధ సంస్థ, పచ్చి మాంసం, పచ్చిపాలతో పెంపుడు జంతువుల ఆహారం తయారుచేసేవాళ్లు హెచ్5ఎన్1ను లెక్కలోకి తీసుకుని తమ భద్రతా ప్రణాళికలు తిరిగి చూసుకోవాలని చెప్పింది.

ఈ ఇరవై ఏళ్ల కథలో నాకు చిరాకు తెప్పించేది ఇదే: థాయ్‌లాండ్ చెప్పిన మాట మళ్లీ వినడానికి మరిన్ని పిల్లులు పోవాల్సి వచ్చింది. ఫ్రీజర్లో పెడితే వైరస్ చావదు, గడ్డకట్టించి ఎండబెట్టినా చావదు. మాంసం లోపలి దాకా 74 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితే, పాలు పాశ్చరైజ్ చేస్తే చస్తుంది. చచ్చిన పక్షిని పిల్లి నోట కరుచుకుని రాకుండా చూసుకోవాలి, కోళ్లో అడవి పక్షులో ఉన్న చోట తిరిగొచ్చిన చెప్పులు గడప బయటే వదలాలి. పిల్లికి ఉన్నట్టుండి ఊపిరాడకపోయినా, మూర్ఛ వచ్చినా, తూలినా ఆసుపత్రికి ముందు ఫోన్ చేసి, అది గత పది రోజుల్లో ఏం తిందో చెప్పి మరీ తీసుకెళ్లాలి.