రాత్రి బెల్లు మోగితే రావాల్సిందెవరు? బెంగళూరు సీనియర్ లివింగ్ గొడవ వెనక కథ

సర్జాపుర రోడ్డు వైపు ఉన్న ఒక సీనియర్ లివింగ్ కమ్యూనిటీలో, అంటే పెద్దవాళ్ళు ఫ్లాట్లు కొనుక్కుని ఉండే చోట, రాత్రి సాయానికి ఎవరు రావాలన్న పాత గొడవ మళ్ళీ రాజుకుంది, ఈసారి కొంచెం గట్టిగానే. పేరు రాయట్లేదు, మా అత్తయ్య అక్కడే ఉంటుంది, రేపు ఆవిడకి వేడినీళ్ళు ఆలస్యమైతే నా మీదకే వస్తుంది. మూడ్నెల్ల కిందట ఆవిడ పక్క బ్లాకులో ఒక పెద్దాయన రాత్రి బాత్రూంలో జారి పడ్డారు, తుంటి ఎముక విరిగింది, భార్యకి చెవులు సరిగా వినబడవు, తెల్లారి అయిదింటికి ఆవిడ లేచి చూసేదాకా ఆయన తడి నేల మీదే ఉన్నారు. అప్పుడంతా అయ్యో పాపం అనుకుని ఊరుకున్నారు. ఇప్పుడు మేనేజ్‌మెంట్ వాళ్ళు నెల ఛార్జీలు పెంచుతూ లెటర్ పంపారు, కారణం ఏంటంటే నైట్ స్టాఫ్‌ని పెంచుతున్నారంట. అంటే ఇన్నాళ్ళూ సరిపడా లేరని మీరే రాసిచ్చినట్టేగా అని అక్కడుండేవాళ్ళ పిల్లలు పట్టుకున్నారు. ఆ లెటర్ ఫోటో వైట్‌ఫీల్డ్, మారతహళ్ళి తెలుగు వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగేసింది, నన్నేమో రెండ్రోజుల్లో దీని వెనక కథేంటో రాసిమ్మన్నారు.

ఉమ్మడి కుటుంబాలు పోవడం, పిల్లలు అమెరికా వెళ్ళడం, ఊళ్ళో ఇల్లు అమ్మి ఇక్కడికి రావడం, ఆ భాగం మీకు నాకంటే బాగా తెలుసు, వదిలేస్తున్నా. పుణె, కోయంబత్తూరుల్లో ఈ వ్యాపారం ఎలా మొదలైందో కూడా వదిలేస్తున్నా. నా లెక్కలో అసలు మలుపు ఒక్కటే. ఫ్లాటు అమ్మే కాయితం, ఆ ఫ్లాటులో మనిషిని చూసుకునే కాయితం రెండూ వేరైపోవడం.

ఇంతకుముందు వృద్ధాశ్రమం అంటే ఒక ట్రస్టో మఠమో చర్చో నడిపేది. బిల్డింగు వాళ్ళదే, వంట వాళ్ళదే, రాత్రి లేచి చూసే ఆయమ్మకి జీతమిచ్చేదీ వాళ్ళే. బాగా నడిపారా లేదా అన్నది వేరే సంగతి, కానీ ఏదన్నా జరిగితే పట్టుకోడానికి ఒకే పిలక ఉండేది. బిల్డర్లు వచ్చాక ఆ పిలక రెండైంది. ఫ్లాటు బిల్డర్ దగ్గర కొంటాం, సేల్ డీడ్, రిజిస్ట్రేషన్, ఖాతా (ఆస్తి ఎవరి పేరున ఉందో చెప్పే మున్సిపల్ రికార్డు) అన్నీ మామూలు అపార్ట్‌మెంట్ లాగే. భోజనం, నర్సు, అంబులెన్సు, కాల్ బెల్లు మాత్రం ఇంకో కంపెనీ చూస్తుంది, దానికి ఇంకో అగ్రిమెంటు. మా అత్తయ్య సేల్ డీడ్ అరవై పేజీలుంటే సర్వీస్ అగ్రిమెంటు తొమ్మిది పేజీలు, అదీ ఏడాదికోసారి రెన్యువల్. అందులో ఎమర్జెన్సీ గురించి ఉన్నది ఒక్క వాక్యం, అవసరమైనప్పుడు సాయం అందించడానికి తగిన ప్రయత్నం చేస్తాం అని. ఎన్ని నిమిషాల్లో రావాలి, రాత్రి ఎంతమంది ఉంటారు, వచ్చేవాళ్ళకి ఏం ట్రైనింగ్ ఉంటుంది, ఒక్క ముక్క లేదు. ఆ అగ్రిమెంటు మీద సంతకం పెట్టినరోజు నేను పక్కనే కూర్చుని కాఫీ తాగుతున్నా, నేనూ చదవలేదు, ఒప్పుకోవాలి.

ఇంక చట్టాల సంగతికొస్తే, అవి కూడా ఈ రెండు కాయితాల్లో మొదటిదాన్నే పట్టించుకున్నాయి. 2016లో రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం వచ్చింది, కర్ణాటకలో 2017లో రూల్స్ వచ్చాయి, దాంతో రిటైర్మెంట్ ఫ్లాట్లు కూడా మామూలు రియల్ ఎస్టేట్ ప్రాజెక్టుల కిందకే వచ్చేశాయి. అది మంచిదే. హ్యాండోవర్ ఆలస్యమైతే అడగొచ్చు, గోడ పగిలితే అయిదేళ్ళ దాకా బిల్డర్‌తోనే బాగు చేయించొచ్చు. మనిషి పడితే ఎవర్ని అడగాలన్నది రెరా పని కాదు, దాని పేరులోనే ఉంది కదా రియల్ ఎస్టేట్ అని.

2019 మార్చిలో కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ రిటైర్మెంట్ హోముల కోసం మోడల్ గైడ్‌లైన్స్ ఇచ్చింది. జారని టైల్స్, పట్టుకోడానికి గోడకి రాడ్లు, ర్యాంపులు, వీల్‌చెయిర్ పట్టే తలుపులు, ఇవన్నీ ఉన్నాయందులో. ఇంకో మంచి ముక్క కూడా ఉంది, బిల్డరు, సర్వీస్ కంపెనీ, కొనుక్కున్నవాళ్ళు ముగ్గురూ కలిసి ఒకే అగ్రిమెంటు రాసుకోవాలని. చూశారా, ఢిల్లీలో ఎవరికో ఈ రెండు కాయితాల తంటా అర్థమైంది. కానీ అవి మోడల్ గైడ్‌లైన్సు, రాష్ట్రాలు తీసుకుంటే తీసుకున్నట్టు లేకపోతే లేనట్టు. మేం ఆ ముగ్గురి మధ్య అగ్రిమెంటు గురించి అడిగితే సేల్స్ అబ్బాయి నవ్వి, సార్ అది సలహా మాత్రమే అన్నాడు. అబద్ధమేం చెప్పలేదు.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి, ఎందుకంటే గ్రూపుల్లో చాలామంది 2007 చట్టం ఉంది కదా అంటున్నారు. తల్లిదండ్రులు, సీనియర్ సిటిజన్ల పోషణ, సంక్షేమ చట్టం, 2007. ఉంది, మంచి చట్టమే, ఆస్తి రాయించుకుని చూడకపోతే ఆ రాసింది రద్దు చేయించే సెక్షన్ 23 దాంట్లోదే. హోముల గురించి సెక్షన్ 19లో ఉంది, అదేమో రాష్ట్ర ప్రభుత్వం జిల్లాకొకటి పెట్టొచ్చని, కనీసం 150 మందికి సరిపోయేట్టు, దిక్కులేని పేద వృద్ధుల కోసం. డబ్బు కట్టి ఉండేవాళ్ళ సంగతి ఆ చట్టం ఊహించనే లేదు. దాని దృష్టిలో తప్పు చేసేవాడు కొడుకు, ట్రిబ్యునల్ పిలిచేది కొడుకుని, నెలకి పది వేల దాకా భరణం కట్టమనేదీ కొడుకునే. ఇక్కడేమో ఆ కొడుకే ప్రతి నెలా ఒకటో తారీఖున దానికి ఎన్నో రెట్లు కడుతూ, నాన్న పడితే ఎందుకు రాలేదు అని అడుగుతున్నాడు. అతన్ని ఏ గదిలో కూర్చోబెట్టి వినాలో ఆ చట్టానికి తెలీదు.

ఆ గది కట్టాలనుకున్నది 2019 డిసెంబర్‌లో. 2007 చట్టానికి సవరణ బిల్లు లోక్‌సభలో పెట్టారు, అందులో ప్రైవేటు కేర్ హోములు కూడా రిజిస్టర్ చేసుకోవాలి, కనీస ప్రమాణాలు కేంద్రం పెడుతుంది అని ఉంది, ఇంటికొచ్చి చూసుకునే ఏజెన్సీలకి కూడా. పార్లమెంటు స్టాండింగ్ కమిటీకి వెళ్ళింది, 2021 జనవరిలో కమిటీ రిపోర్టిచ్చింది, ఆ తర్వాత ఎవరూ దాని మొహం చూడలేదు, 2024లో లోక్‌సభ గడువు అయిపోవడంతో బిల్లూ పోయింది. అదే 2024 ఫిబ్రవరిలో నీతి ఆయోగ్ సీనియర్ కేర్ సంస్కరణలు కావాలని ఒక పత్రం రాసింది. బిల్లు మంచం మీద ఉండగానే ఇంకోళ్ళు వచ్చి మందు చీటీ రాసినట్టు. మధ్యలో కోవిడ్ వచ్చి, గేట్లు మూసి, అమెరికా నుంచి ఫ్లైట్లు లేక, ఇలాంటి చోట్ల అమ్మానాన్నలకి మూడు పూటలా భోజనం అందిందని విన్నవాళ్ళంతా బుకింగులకి ఎగబడ్డారు. డిమాండ్ అలా పెరిగింది, చూసుకునే కాయితం మాత్రం తొమ్మిది పేజీల దగ్గరే ఆగింది.

పన్ను దగ్గరికొచ్చేసరికి మాత్రం గవర్నమెంటుకి ఏది ఏమిటో స్పష్టంగానే తెలుసు. ప్రభుత్వాలు, ధర్మ సంస్థలుగా రిజిస్టరైన ట్రస్టులు నడిపే హోముల్లో నెలకి 25,000 దాకా జీఎస్టీ లేదు, 2018 నుంచి. మా లెటర్‌లో పెంచిన ఛార్జీ కింద ప్లస్ 18 శాతం జీఎస్టీ అని ఉంది.

మేనేజ్‌మెంట్ వాళ్ళు చెప్పేది కూడా రాయాలి. ఇది హాస్పిటల్ కాదు, ఇండిపెండెంట్ లివింగ్, ఎవరి పనులు వాళ్ళే చేసుకోగలిగేవాళ్ళ కోసం అని మొదట్నుంచీ చెప్పాం, ఆ రాత్రి ఎస్ఓఎస్ బటన్ నొక్కినట్టు సిస్టంలో రికార్డు లేదు, నైట్ డ్యూటీకి మనుషులు దొరకడం కష్టంగా ఉంది, ఖర్చు పెరిగింది. అంతే. రికార్డు లేదన్నది నిజమే అయ్యుంటుంది.

ఎందుకు లేదో నేను వెళ్ళి చూశా. బాత్రూంలో కమోడ్ పక్కన ఎర్ర తాడు ఉంటుంది, లాగితే సెక్యూరిటీ దగ్గర బెల్లు మోగాలి. ఆ తాడు నేలదాకా వేలాడాలి, ఎందుకంటే పడ్డవాడు నేల మీద ఉంటాడు. అత్తయ్య బాత్రూంలో ఆ తాడు పైకి చుట్టి, ముడేసి, నా భుజం ఎత్తున ఉంది. క్లీనింగ్ చేసే అమ్మాయి మాప్ పెట్టినప్పుడు తడుస్తోందని ముడేసిందంట. ఎప్పట్నుంచి అంటే అత్తయ్యకి గుర్తులేదు, ఏమో నాయనా, నేను బట్టలు తగిలించుకోడానికేమో అనుకున్నా అంది. పక్క బ్లాకులో ఆ పెద్దాయన ఫ్లాట్‌లో కూడా ముడే ఉందని వాళ్ళబ్బాయి ఫోటో పంపాడు. పెద్దాయన ఏం నొక్కుతాడు మరి, ఫోన్ మంచం పక్కన ఛార్జింగులో ఉంది.

ఇంకోటి నైట్ రౌండ్స్ రిజిస్టర్. పదింటికి, పన్నెండింటికి, రెండింటికి, నాలుగింటికి ఎవరో కారిడార్లో తిరిగి టిక్కు పెట్టాలి. ఫ్లాట్ల ఓనర్ల అసోసియేషన్ వాళ్ళు ఆ నెల పేజీలు అడిగి చూశారు. నాలుగు టిక్కులూ ఒకే పెన్ను, ఒకే వాలు, ఒకదాని కింద ఒకటి గీత గీసినట్టున్నాయి, ఆయన పడిన రాత్రి కూడా. ఆ టిక్కులు పెట్టిన అమ్మాయిని నేను తిట్టను. మూడు బ్లాకులకి రాత్రి ఇద్దరే ఉండేవాళ్ళు, వాళ్ళలో ఒకళ్ళు డయాపర్ మార్చాల్సిన ముసలమ్మ దగ్గర గంట ఉంటే రౌండు ఎవరు తిరుగుతారు? వీళ్ళు అస్సాం, ఒడిశా నుంచి వచ్చిన పిల్లలు, ఏజెన్సీ పంపితే వస్తారు, ఆర్నెల్లకి వెళ్ళిపోతారు, అంతకంటే కాస్త ఎక్కువ జీతం దొరికితే ఎవరైనా వెళ్తారు.

భాష గురించి ఎవరూ రాయరు, రాస్తా. ఒకరోజు అత్తయ్య వాళ్ళలో ఒక అమ్మాయితో కళ్ళు తిరుగుతున్నాయి అంది, చేత్తో కళ్ళ దగ్గర చూపించింది. ఆ పిల్ల పరిగెత్తుకెళ్ళి కంట్లో వేసే చుక్కల మందు తెచ్చింది. షుగర్ పడిపోయిందని తెలిసేసరికి అరగంట. నవ్వుకుంటాం ఇప్పుడు. అందుకే ఎవరైనా నన్నడిగితే, రాత్రి డ్యూటీలో తెలుగో కన్నడమో వచ్చిన మనిషి ఒక్కరైనా ఉన్నారా అనేది స్విమ్మింగ్ పూల్ కన్నా ముందు అడగమంటా. బ్రోషర్లో ఇంతవరకు అలాంటి ఫోటో చూడలేదు నేను.

డల్లాస్‌లో ఉన్న మా బావ అయితే రేటింగ్ ఎంత అని అడుగుతాడు. వాళ్ళకక్కడ అలవాటు, అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ వాళ్ళు 2008 నుంచి నర్సింగ్ హోములకి ఒకటి నుంచి అయిదు నక్షత్రాలు ఇస్తున్నారు, ఇన్‌స్పెక్షన్లు, స్టాఫ్ ఎంతమంది, కేర్ ఎలా ఉంది అన్నవి లెక్కేసి. అక్కడ కూడా అసిస్టెడ్ లివింగ్‌కి, అంటే రోజువారీ పనుల్లో సాయం చేసే చోట్లకి ఆ నక్షత్రాలు లేవు, అది రాష్ట్రాల చేతిలో ఉంటుంది, బావకి ఆ సంగతి నేను చెప్పేదాకా తెలీదు. ఇక్కడ మాకున్నది గూగుల్ రివ్యూలు, అందులో సగం, గార్డెన్ చాలా బాగుంది, ఉగాది పచ్చడి అద్భుతం. పచ్చడి నిజంగానే బాగుంది.

మతిమరుపు ఉన్నవాళ్ళ సంగతి ఇంకా చిక్కు. కొన్నిచోట్ల మెమరీ కేర్ అని ఒక ఫ్లోర్ విడిగా పెడుతున్నారు, తలుపుకి కోడ్ లాక్ ఉంటుంది. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం మానసిక అనారోగ్యం అంటే ఏంటో చెప్పేచోట జ్ఞాపకశక్తి తీవ్రంగా దెబ్బతినడాన్ని కూడా కలిపింది, అలాంటివాళ్ళని పెట్టి చూసుకునే సంస్థ రిజిస్టర్ అవ్వాలంటుంది. కింద డాక్టర్ క్లినిక్ నడిపితే దానికి కర్ణాటకలో కేపీఎంఈ, అంటే ప్రైవేటు వైద్య సంస్థల చట్టం కింద రిజిస్ట్రేషన్ కావాలి. ఈ రెండు సర్టిఫికెట్లూ చూపించమని అడిగితే మొహం ఎలా పెడతారో చూడండి, చాలా తెలిసిపోతుంది.

ఇప్పటి గొడవ అసలు ఎక్కడ ఆగిందంటే, పిల్లలు రెండు అడుగుతున్నారు. ఒకటి, ఆరు నెలల కాల్ లాగ్, ఏ బెల్లు ఎన్నింటికి మోగింది, మనిషి ఎన్నింటికి వచ్చాడు. రెండు, సర్వీస్ కంపెనీని మార్చే హక్కు అసోసియేషన్‌కి ఉండాలి. మొదటిదానికి ప్రైవసీ అంటున్నారు. రెండోదానికి, కిచెన్, క్లినిక్ రూము బిల్డర్ పేరు మీదే ఉన్నాయి, కావాలంటే కంపెనీని మార్చుకోండి, వంట ఎక్కడ చేయిస్తారో మీరే చూసుకోండి అంటున్నారు. అవును, సేల్ డీడ్‌లో ఎక్కడో నలభయ్యో పేజీలో ఆ రెండు గదులూ కామన్ ఏరియా కాదని ఉందంట, లాయర్ చూపించేదాకా ఎవరికీ తెలీదు. కన్జ్యూమర్ కమిషన్‌కి వెళ్ళే దారి ఉంది, సేవలో లోపం అని వేయొచ్చు, పెద్దాయన కొడుకు వేస్తానంటున్నాడు. ఆయనకి ఆపరేషన్ అయింది, వాకర్‌తో నడుస్తున్నారు, మళ్ళీ అదే ఫ్లాటుకొచ్చారు, అమ్ముదామంటే కొనేవాడికి కూడా అరవై నిండుండాలి.

ఆదివారం పదకొండింటికి క్లబ్‌హౌస్‌లో మీటింగ్. ఎజెండా నిన్న గ్రూపులో పెట్టారు, మొదటిది కొత్త ఛార్జీలు, రెండోది సంక్రాంతి ముగ్గుల పోటీ, కాల్ లాగ్ ఆరోది. అత్తయ్య తాడు ముడి నేనే విప్పి వచ్చా, నిన్న ఫోన్ చేస్తే మళ్ళీ కట్టేశారంది.