నిప్పు రాల్చే హెలికాప్టర్

ప్రియమైన పిల్లలకు,

మీరు పంపిన ప్రశ్నల్లో ఒకటి ఇలా ఉంది: "అడవులు తగలబడకుండా కాపాడే యంత్రం ఏదైనా ఉందా?" ఉంది. దాన్ని హెలికాప్టరులో బిగిస్తారు. కాకపోతే అది నీళ్లు చల్లదు, నిప్పు రాలుస్తుంది. నవ్వకండి, నిజమే చెబుతున్నాను.

ఆస్ట్రేలియా పటంలో ఉత్తరపు అంచున డార్విన్ నగరం కనిపిస్తుంది. అక్కడి నుంచి తూర్పుకు వెళితే ఆర్నెమ్ ల్యాండ్. ఆదివాసులు వేల ఏళ్లుగా బతుకుతున్న నేల అది, ఇప్పుడు చట్టప్రకారం కూడా వాళ్లదే. దాని పడమటి భాగంలో చాలామేర రాతి పీఠభూమి. వానకాలంలో దారులు మూసుకుపోతే అక్కడి ఊళ్లకు చిన్న విమానమో హెలికాప్టరో తప్ప గతి లేదు. అక్కడా మనలాగే రుతుపవనాలే. భూగోళానికి దిగువ సగంలో ఉన్నారు కాబట్టి వాళ్ల వానలు నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. ఆ తర్వాత అక్టోబరు వరకు దాదాపు చినుకు పడదు.

వానలకు మనిషెత్తు పెరిగిన గడ్డి ఆ తర్వాత ఎండుతుంది. ఎప్పటికైనా అది అంటుకోక తప్పదు. ఎప్పుడు అంటుకుంటుందన్నదే లెక్క. మే, జూన్ నెలల్లో గడ్డి ఇంకా పూర్తిగా ఎండదు, నేలలో తేమ మిగిలి ఉంటుంది, రాత్రి మంచు కురుస్తుంది. అప్పుడు పెట్టిన మంట నేలబారున నిదానంగా పాకుతుంది. చీకటి పడ్డాక చాలాచోట్ల దానంతట అదే చల్లారుతుంది. చెట్ల తలలకు సెగ తగలదు, జంతువులు పక్కకు తప్పుకోగలుగుతాయి. కొంత కాలి, కొంత కాలక నేల గళ్లుగళ్లుగా మిగులుతుంది. అదే గడ్డి సెప్టెంబరు దాకా ఆగిందంటే పిడుగు పడినా, ఎవరో ఆర్పకుండా వదిలిన నిప్పు సోకినా వారాల తరబడి కాలుతుంది. కొమ్మల్లోని పక్షి గూళ్లు, చెట్ల తొర్రలు కూడా మిగలవు. ముందుగా కాల్చిన గళ్లు ఉంటే ఆ పెద్ద మంట అక్కడికి వచ్చి ఆగిపోతుంది, ముందుకు సాగడానికి దానికి మేత ఉండదు.

ఈ లెక్క అక్కడి బినిన్జ్ జనానికి తరతరాలుగా తెలుసు. నడుస్తూ, వేటాడుతూ, ఎక్కడ ఎప్పుడు కాల్చాలో చూసుకుంటూ అంటించేవారు. ఇరవయ్యో శతాబ్దంలో క్రైస్తవ మిషన్లు, గనులు, పట్టణాలు వాళ్లను ఒక్కొక్కరినే బయటికి లాగాయి. పీఠభూమి ఖాళీ అయింది. మే నెలలో అంటించే చేతులు లేకపోయేసరికి అక్టోబరు మంటలు రాజ్యమేలాయి. ప్రపంచంలో మరెక్కడా పెరగని అన్‌బినిక్ చెట్ల తోపులు అంచుల నుంచి కాలుతూ కుంచించుకుపోయాయి. మనిషి అడుగు పెట్టకపోతే అడవి బాగుంటుందని మన పుస్తకాలు రాస్తుంటాయి. ఇక్కడ జరిగింది అందుకు పూర్తిగా ఎదురు.

తిరిగి వెళ్లినవాళ్లలో లోఫ్టీ బర్దయల్ నడ్జమెర్రెక్ అనే పెద్దాయన ముఖ్యుడు. 1926 ప్రాంతంలో పుట్టారు, పేరున్న చిత్రకారుడు. 2002లో కుటుంబాన్ని వెంటబెట్టుకుని పీఠభూమి మీద కబుల్వర్నమ్యో అనే చోట గుడారాలు వేశారు. ఆయనలాంటి పెద్దలకు తెలిసినదాన్ని శాస్త్రవేత్తలు రాసుకున్నారు, కొలిచారు. 2006లో దాదాపు 28,000 చదరపు కిలోమీటర్ల మేర ఇలా ముందుగా కాల్చే పని మొదలైంది. తెలంగాణలో నాలుగో వంతు అనుకోండి. మరుసటి ఏడాది వార్డెకెన్ అనే ఆదివాసుల సంస్థ ఏర్పడి, తమ భూమి మీద ఆ పనిని తన రేంజర్లతో చేయిస్తోంది.

అంత నేలను కాళ్లతో తిరిగి అంటించడం కొద్దిమంది రేంజర్ల వల్ల కాదు. అందుకే హెలికాప్టర్. పింగ్‌పాంగ్ బంతులంత ప్లాస్టిక్ బంతుల్లో పొటాషియం పర్మాంగనేట్ నింపి ఉంటుంది. బావుల్లో కలిపే ఊదారంగు పలుకులు, మీ అమ్మమ్మను అడిగితే చెబుతుంది. యంత్రం ఒక్కో బంతిలోకి సూదితో ఒక ద్రవం ఎక్కించి కిందికి వదులుతుంది. కాసేపటికి అది అంటుకుంటుంది. ఏ ద్రవమో కావాలనే రాయడం లేదు, మీ సంగతి నాకు తెలుసు. ఎక్కడ కాలిందో, ఎక్కడ మిగిలిందో ఉపగ్రహ చిత్రాల్లో చూసి మర్నాటి దారి నిర్ణయిస్తారు. అన్‌బినిక్ తోపుల చుట్టూ మాత్రం నేల మీద దిగే పని చేయాలి. తోటల్లో ఆకులు ఊదే యంత్రాన్ని వీపుకు తగిలించుకుని ఎండుటాకులను ఊదేస్తూ సన్నటి బాట చేస్తారు. మంట ఆ బాట దాటదు. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన పనిముట్టు ఇదే.

డబ్బు ఎవరిస్తారు? గడ్డి కాలినప్పుడు వచ్చే బొగ్గుపులుసు వాయువును మళ్లీ వానలకు పెరిగే గడ్డి పీల్చుకుంటుంది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోరు. మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ అలా తిరిగి పోవు, పైగా వేడిని మరింత గట్టిగా పట్టి ఉంచుతాయి. పెద్ద మంటలు తగ్గితే ఆ రెండూ తగ్గుతాయి. డార్విన్‌లోని ఒక సహజవాయువు కర్మాగారం తన పొగకు బదులుగా ఏటా లక్ష టన్నుల బొగ్గుపులుసు వాయువుకు సమానమైన మేర ఈ వాయువులను ఇక్కడ తగ్గించమని, అందుకు ఏటా దాదాపు పది లక్షల ఆస్ట్రేలియా డాలర్లు ఇస్తామని 17 ఏళ్లకు ఒప్పందం చేసుకుంది. కర్మాగారం పొగ ఆగలేదు కదా అంటారేమో. ఆగలేదు. ఆ బేరం నాకూ పూర్తిగా మింగుడుపడదు. కానీ ఇలా వచ్చే డబ్బుతో యువకులకు, యువతులకు తమ నేల మీదే జీతమున్న పని దొరికింది. ఉద్యోగాలు వచ్చాక పిల్లలకు బడి కావాల్సి వచ్చింది, 2015లో కబుల్వర్నమ్యోలోనే ఒకటి తెరిచారు.

ఇది చదివి మన నల్లమలలో అగ్గిపెట్టె పట్టుకుని బయలుదేరకండి. అక్కడి చెట్లు వేరు, ఇక్కడి చెట్లు వేరు. ఎండాకాలపు మంటలు మన అడవికి చేసే చేటు అటవీ సిబ్బందికీ చెంచులకూ బాగా తెలుసు. ఏ అడవి లెక్క దానిదే.

ఆర్నెమ్ ల్యాండ్ లెక్క కూడా స్థిరంగా ఉండేది కాదు. పశువుల మేత కోసం ఆఫ్రికా నుంచి తెచ్చిన గాంబా గడ్డి డార్విన్ చుట్టుపక్కల కమ్ముకుంది. నాలుగు మీటర్ల ఎత్తు పెరుగుతుంది. స్థానిక గడ్డి కన్నా ఆలస్యంగా ఎండుతుంది, ఎండాక ఎన్నో రెట్లు భీకరంగా మండుతుంది. అంటే మే నెలలో అంటించాలన్న పాత లెక్క దానికి పనికిరాదు. ఇప్పటికి తెలిసిన ముఖ్యమైన మార్గం, అది కొత్తచోట తల ఎత్తగానే గుర్తుపట్టి, పాకకముందే మందు కొట్టి చంపడం.

ఇట్లు,
మీ సైన్సు పెద్దమ్మ