పరిగెత్తే క్వార్టర్‌బ్యాక్‌కి కాపలా ఎవరు?

2025 ఫిబ్రవరి 9న న్యూ ఆర్లీన్స్‌లో జరిగిన అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ సూపర్ బౌల్‌కి ముందు అందరి నోటా ఒకటే ప్రశ్న: సాక్వాన్ బార్క్లీని ఆపేదెలా? ఆ సీజన్‌లో ఫిలడెల్ఫియా ఈగిల్స్ రన్నింగ్ బ్యాక్‌గా, అంటే బంతి పట్టుకుని పరిగెత్తేవాడిగా, అతను ఏకంగా 2,005 గజాలు పరిగెత్తాడు. కాన్సస్ సిటీ చీఫ్స్ డిఫెన్స్ కోచ్ స్టీవ్ స్పాగ్నోలో అతన్ని నిజంగానే ఆపాడు. 25 సార్లు బంతి అందుకున్నా బార్క్లీకి దక్కింది 57 గజాలే. అయినా ఈగిల్స్ 40-22తో గెలిచింది. కళ్ళన్నీ బార్క్లీ మీదే ఉన్న ఆ రాత్రి ఈగిల్స్ ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్ 72 గజాలు పరిగెత్తి, పాస్‌లతో ఇంకో 221 గజాలు సాధించాడు. సూపర్ బౌల్‌లో ఏ క్వార్టర్‌బ్యాకూ అంతకుముందు అంత పరిగెత్తలేదు. ఆ గెలుపులో పెద్ద వాటా ఈగిల్స్ డిఫెన్స్‌దేనని కూడా చెప్పాలి. చీఫ్స్ క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్‌ని వాళ్ళు ఆరుసార్లు బంతితో సహా పడేశారు. కానీ ఒకణ్ణి కట్టేస్తే ఇంకొకడు విప్పుకుపోయే ఈ చిక్కు ఆ రాత్రి పుట్టింది కాదు. దీనికి ఎనభై ఏళ్ళు దాటిన చరిత్ర ఉంది.

చిక్కంతా లెక్కలో ఉంది. రెండు వైపులా పదకొండు మందే. మామూలుగా క్వార్టర్‌బ్యాక్ బంతిని రన్నింగ్ బ్యాక్ చేతిలో పెట్టి తప్పుకుంటాడు. పరిగెత్తేవాడు ఒకడు, తప్పుకున్నవాడు ఒకడు పోగా దారి చేసేవాళ్ళు తొమ్మిది మంది మిగులుతారు. ఎదురుగా ఉన్నది పదకొండు మంది. డిఫెన్స్‌కి ఇద్దరు ఎక్కువ. ఆ ఇద్దరి భరోసాతోనే డిఫెన్స్ కోచ్ నిద్రపోతాడు. క్వార్టర్‌బ్యాక్ తానే బంతి తీసుకుని పరిగెత్తే రకమైతే రన్నింగ్ బ్యాక్ కూడా అడ్డు కాసేవాడవుతాడు, ఆ ఇద్దరిలో ఒకడు మాయమవుతాడు. ఆ మిగిలిన ఒక్కణ్ణి కూడా లాగేసుకోవడానికి పుట్టిందే ఆప్షన్ ఆట.

1941లో మిసోరీ విశ్వవిద్యాలయం కోచ్ డాన్ ఫారో దీన్ని మొదలుపెట్టాడు. ఆలోచన బాస్కెట్‌బాల్ నుంచి వచ్చింది. ఇద్దరు బంతితో దూసుకొస్తుంటే ఎదురుగా ఒక్కడే ఉన్నాడనుకోండి. వాడు ఎటు జరిగితే బంతి రెండోవైపు పోతుంది. ఫుట్‌బాల్‌లోనూ ఫారో అదే చేశాడు. డిఫెన్స్ లైన్ చివర నిలబడే ఎండ్‌ని ఎవరూ అడ్డుకోకుండా కావాలనే వదిలేశాడు. ఆ ఎండ్ క్వార్టర్‌బ్యాక్ మీదికి వస్తే బంతి పక్కవాడికి విసురుతారు, పక్కవాడి కోసం ఆగితే క్వార్టర్‌బ్యాకే లోపలి నుంచి దూసుకుపోతాడు. ఎండ్ పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క. అతన్ని అడ్డుకోవడానికి ఒక మనిషిని ఖర్చుపెట్టకుండానే ఆటలో లేకుండా చేసేశారు. దాంతో ఆ మనిషి ఇంకెక్కడో దారి చేయడానికి పనికొస్తాడు.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఫారో దగ్గర ఈ విద్య నేర్చుకున్నవాళ్ళలో బడ్ విల్కిన్సన్ ఒకడు. అతని ఓక్లహోమా జట్టు 1953 నుంచి 1957 దాకా వరుసగా 47 ఆటలు గెలిచింది. 1957 నవంబరులో నోటర్ డామ్ 7-0తో ఆ వరుసకు తెరదించింది.

1968లో టెక్సాస్ విశ్వవిద్యాలయంలో ఎమరీ బెల్లార్డ్ అనే సహాయ కోచ్ ఈ బీజానికి ఇంకో కొమ్మ అంటుకట్టాడు. క్వార్టర్‌బ్యాక్ వెనక ముగ్గురు రన్నర్లు, పైనుంచి చూస్తే ఇంగ్లీషు వై అక్షరంలా ఉంటారు. విష్‌బోన్ అని పేరుపడింది. ఇందులో ఒకే ఆటలో మూడు దారులు: మధ్యలోకి దూసుకుపోయే ఫుల్‌బ్యాక్, అంచున క్వార్టర్‌బ్యాక్, ఇంకా బయట పక్కకు విసిరే బంతి (పిచ్) కోసం వెంట పరిగెత్తే హాఫ్‌బ్యాక్. బంతి ఎవరిదో స్నాప్ అయ్యేదాకా, అంటే బంతి వెనక్కి అంది ఆట మొదలయ్యేదాకా, క్వార్టర్‌బ్యాక్‌కే తెలియదు. ఎదుటివాళ్ళు ఏం చేస్తారో చూసి అప్పటికప్పుడు తేలుస్తాడు. మొదటి ఆట హ్యూస్టన్‌తో 20-20 డ్రా, రెండోది టెక్సాస్ టెక్ చేతిలో ఓటమి. ఆ తర్వాత టెక్సాస్ ప్రధాన కోచ్ డారెల్ రాయల్ జట్టు వరుసగా 30 గెలిచింది.

ఈ వరుసనూ ఆపింది నోటర్ డామే. 1971 జనవరి 1న కాటన్ బౌల్‌లో 24-11. కోచ్ ఆరా పార్సీగియన్ ఆ రోజు విష్‌బోన్‌కి అద్దం పట్టినట్టు తన డిఫెన్స్‌ని నిలబెట్టాడు. వాళ్ళ వెనక వరుసలో ఎవరెక్కడుంటే వీళ్ళ వెనక వరుసలో అక్కడొకడు. ఎవరి మనిషి ఎవరో ముందే తేలిపోయింది. పైగా గట్టి దెబ్బలకు టెక్సాస్ చేతుల్లోంచి బంతి పదే పదే జారింది. ఆప్షన్‌ని ఎదుర్కొనే పాఠంలో మొదటి వాక్యం అక్కడే రాసుకోవాలని నా అభిప్రాయం: బంతిని వెంబడించకు, నీకు అప్పజెప్పిన మనిషిని పట్టుకో. వాడి దగ్గర బంతి ఉందా లేదా అన్నది నీకు అనవసరం. ఫుల్‌బ్యాక్‌ని పడేయాల్సినవాడు అతని చేతులు ఖాళీగా ఉన్నా పడేయాల్సిందే. వినడానికి తేలిక. నాలుగో క్వార్టర్‌లో, ఊపిరి అందనప్పుడు, పక్కనుంచి బంతి పోతుంటే కదలకుండా తన చోట నిలబడటం ఎంత కష్టమో ఆడినవాళ్ళకే తెలుస్తుంది. మన కబడ్డీలోనూ కూతకొచ్చినవాడి మీద గొలుసు కదలకముందే ఒక్కడు తొందరపడి దూకితే ఏమవుతుందో చూస్తూనే ఉంటాం.

కానీ క్రమశిక్షణ ఒక్కటే చాలదు. 1971లో ఓక్లహోమా అదే విష్‌బోన్‌తో ఆటకు సగటున 472 గజాలు పరిగెత్తింది. ఎవరి మనిషి ఎవరో తెలిసినా, వాడు నీకంటే వేగంగా అంచుకు చేరితే నువ్వు చేయగలిగేదేమీ లేదు. దీనికి జవాబు కనుక్కున్నవాడు జిమ్మీ జాన్సన్. ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన అధ్యాయం అతనిది. ఎందుకంటే అతను ఆ జవాబుకి ఓటములతో వెల కట్టాడు. 1979 నుంచి 1983 దాకా ఓక్లహోమా స్టేట్ కోచ్‌గా ఏటా ఓక్లహోమాతో తలపడ్డాడు, ఐదుకు ఐదూ ఓడిపోయాడు. అందులో ఒకటి 63-14. ఆ తర్వాత మయామీ వెళ్ళాడు. అక్కడి స్కూలు మైదానాల్లో వేగమైన కుర్రాళ్ళు కావలసినంత మంది. స్కూల్లో అందరికంటే వెనక కాపు కాసే సేఫ్టీగా ఆడినవాణ్ణి తెచ్చి లైన్ వెనక నిలబడే లైన్‌బ్యాకర్ చేశాడు, లైన్‌బ్యాకర్‌ని డిఫెన్సివ్ ఎండ్ చేశాడు, ఎండ్‌ని లోపల టాకిల్‌గా పెట్టాడు. ప్రతి చోటా ఒక మెట్టు బరువు తగ్గింది, ఒక మెట్టు వేగం పెరిగింది. అంచు వైపు ఆప్షన్ మొదలవ్వగానే అక్కడ అప్పటికే మయామీ వాళ్ళు ఉండేవాళ్ళు.

1985లో మయామీ 27-14, 1986లో 28-16, 1988 జనవరి 1న ఆరెంజ్ బౌల్‌లో 20-14. మూడుసార్లూ ఓడింది ఓక్లహోమాయే. 1985 సీజన్‌లో ఓక్లహోమా జాతీయ విజేత, ఆ ఏడాది వాళ్ళ ఏకైక ఓటమి మయామీ చేతిలోనే. బరువుకు బరువు కాదు, వేగానికి వేగం అన్న ఈ మాట తర్వాత మళ్ళీ వినిపిస్తుంది.

ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ మాత్రం చాలాకాలం ఆప్షన్‌ని గడప తొక్కనివ్వలేదు. కోట్లు పోసి తెచ్చుకున్న క్వార్టర్‌బ్యాక్‌ని ప్రతి బంతికీ దెబ్బలకు అప్పజెప్పడం ఏ యజమానికీ ఇష్టముండదు. ఆ భయం అర్థం చేసుకోదగిందే. ఆప్షన్ లేకపోయినా అట్లాంటా క్వార్టర్‌బ్యాక్ మైకేల్ విక్ లాంటివాళ్ళు వచ్చారు. 2002 డిసెంబర్ 1న మిన్నెసోటా మీద విక్ 173 గజాలు పరిగెత్తి, అదనపు సమయంలో 46 గజాల పరుగుతో ఆట ముగించాడు. సరిగ్గా వారం తర్వాత టాంపా బే మీద దక్కింది 15 గజాలు. టాంపా 34-10తో గెలిచింది.

వారంలో అంత తేడా ఎలా వచ్చింది? మాంటీ కిఫిన్ నడిపిన ఆ డిఫెన్స్ ఎక్కువగా జోన్ ఆడేది, అంటే మనిషిని కాక మైదానంలో తన చోటును కాసేది. మనిషికి మనిషిగా కాపు కాస్తే డిఫెండర్ తాను కాసే రిసీవర్ (పాస్ పట్టేవాడు) వెంట పరిగెడుతూ క్వార్టర్‌బ్యాక్‌కి వీపు చూపిస్తాడు. విక్ బయల్దేరిన సంగతి అతనికి తెలిసేసరికి పదిహేను గజాలు పోయి ఉంటాయి. జోన్‌లో అందరి కళ్ళూ బంతి మీదే. విక్ కాలు కదిపితే వెనకున్న ఏడుగురూ చూస్తారు. వాళ్ళలో డెరిక్ బ్రూక్స్ లాంటి వేగమైన లైన్‌బ్యాకర్ ఉండటం కూడా కలిసొచ్చింది.

ఇంకోవైపు కాలేజీల్లో ఆప్షన్ కొత్త వేషం వేసుకుంది. 1990ల మొదట్లో వెస్ట్ వర్జీనియాలోని గ్లెన్‌విల్ స్టేట్ అనే చిన్న కాలేజీలో రిచ్ రాడ్రిగెజ్ దీనికి రూపమిచ్చాడు, జోన్ రీడ్ అంటారు. రిసీవర్లను మైదానమంతా పరిచి, షాట్‌గన్‌లో, అంటే లైన్‌కి కొన్ని గజాలు వెనక, నిలబడ్డ క్వార్టర్‌బ్యాక్ బంతిని రన్నింగ్ బ్యాక్ పొట్టకు ఆనించి, వెనకవైపు వదిలేసిన ఎండ్‌ని చూస్తాడు. ఎండ్ లోపలికి దూరితే బంతి తన దగ్గరే ఉంచుకుని అతను ఖాళీ చేసిన దారిన పోతాడు. డిఫెన్స్‌లు దీనికి ఒక మోసం నేర్చుకున్నాయి. ఎండ్ కావాలనే లోపలికి దూరతాడు, క్వార్టర్‌బ్యాక్ సంతోషంగా బంతి ఉంచుకుంటాడు, ఎండ్ వెనకనుంచి చుట్టి వచ్చిన లైన్‌బ్యాకర్ అతనికి ఎదురవుతాడు. స్క్రేప్ అంటారు దీన్ని. ఎండ్‌, లైన్‌బ్యాకర్‌ పనులు మార్చుకోవడమే అందులోని కిటుకు.

ఈ ఆట ఎన్‌ఎఫ్‌ఎల్‌కి చేరిన తీరు చూడాలంటే గ్రీన్ బే ప్యాకర్స్ కష్టాలు చూడాలి. 2013 జనవరి 12న ప్లేఆఫ్‌లో శాన్ ఫ్రాన్సిస్కో క్వార్టర్‌బ్యాక్ కాలిన్ కేపర్నిక్ వాళ్ళ మీద 181 గజాలు పరిగెత్తాడు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అంతకుముందు ఏ ఆటలోనూ ఏ క్వార్టర్‌బ్యాకూ అంత పరిగెత్తలేదు. నెవాడా విశ్వవిద్యాలయంలో నాలుగేళ్ళు ఇదే ఆడి వచ్చినవాడు అతను, ప్యాకర్స్ డిఫెన్స్‌కి అది కొత్త. స్కోరు 45-31. తర్వాతి సీజన్ మొదలవ్వకముందే ప్యాకర్స్ డిఫెన్స్ కోచ్‌లు టెక్సాస్ ఏ అండ్ ఎమ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి, కాలేజీ కోచ్‌ల దగ్గర కూర్చుని ఈ ఆటను ఎలా ఎదుర్కోవాలో అడిగి తెలుసుకున్నారు. వృత్తి కోచ్‌లు అలా పాఠం చెప్పించుకోవడానికి వెళ్ళడం నాకు గౌరవంగా అనిపిస్తుంది.

సెప్టెంబర్ 8న మళ్ళీ అవే జట్లు. పాఠం పనిచేసింది, కేపర్నిక్ పరుగు 22 గజాలకు పడిపోయింది. కానీ ఆ రోజు అతను పాస్‌లతో 412 గజాలు కొట్టాడు. అంక్వాన్ బోల్డిన్ ఒక్కడే 208 గజాలు పట్టాడు. ప్యాకర్స్ 34-28తో ఓడిపోయింది. పరుగు ఆపడానికి ముందుకు తెచ్చిన ప్రతి మనిషీ వెనక ఒక చోటు ఖాళీ చేసి వచ్చినవాడే కదా. 2014 జనవరి 5న, ఎముకలు కొరికే చలిలో మూడోసారి. ఈసారి కేపర్నిక్ 98 గజాలు పరిగెత్తాడు. ఆఖరి నిమిషాల్లో 8 గజాలు కావలసిన మూడో డౌన్‌లో (పది గజాలకు దక్కే నాలుగు ప్రయత్నాల్లో మూడోది) ఎడమ అంచున 11 గజాలు దూసుకుపోయాడు. ఆ పరుగు మీదే చివరి ఫీల్డ్ గోల్, 23-20. అంచు కాయాల్సినవాడు ఒక్క అడుగు లోపలికి వస్తే చాలు, ఏడాది చదువూ నీళ్ళపాలు.

తర్వాతి పేరు బాల్టిమోర్ క్వార్టర్‌బ్యాక్ లమార్ జాక్సన్. 2019 జనవరి 6న బాల్టిమోర్‌లో అతన్ని ఎదుర్కోవడానికి చార్జర్స్ కోచ్ గస్ బ్రాడ్లీ లైన్‌బ్యాకర్లను దాదాపుగా పక్కన పెట్టేసి, ఆట పొడవునా పాస్‌లు కాసే తేలికపాటి డిఫెన్సివ్ బ్యాక్‌లను ఏడుగురిని దింపాడు. సేఫ్టీలు లైన్‌బ్యాకర్ల చోట నిలబడ్డారు. గాయాలతో లైన్‌బ్యాకర్లు కరువవడం ఒక కారణమే, కానీ ముప్ఫై ఏళ్ళ కిందటి మయామీ ఆలోచనే అది. జాక్సన్ పక్షం రోజుల కిందట తాను ఓడించిన జట్టు చేతిలోనే 23-17తో ఓడాడు. అయితే చిన్నవాళ్ళు ఏడుగురు ఉంటే బరువైన రన్నింగ్ బ్యాక్ నడిమధ్య తొక్కుకుంటూ పోవచ్చు. మరుసటి సీజన్‌లో బాల్టిమోర్ చేసింది అదే. జట్టు మొత్తం 3,296 గజాలు పరిగెత్తి, 1978 నాటి న్యూ ఇంగ్లండ్ రికార్డును చెరిపేసింది. జాక్సన్ వాటా 1,206. 16 ఆటల్లో 14 గెలుపులు.

ఆ జట్టుని 2020 జనవరి 11న టెన్నెసీ టైటన్స్ 28-12తో ఓడించింది. ఆ రాత్రి లెక్కలు చూస్తే నమ్మబుద్ధి కాదు. జాక్సన్ 143 గజాలు పరిగెత్తాడు, పాస్‌లతో 365. ఒక్కడే 500 దాటాడు. కానీ టైటన్స్ మొదట్లోనే 14-0 ఆధిక్యం తీసుకుంది. వెనకబడిన జట్టు పరుగు ఆటతో గడియారాన్ని కరిగించుకోలేదు, అందుకే జాక్సన్ 59 సార్లు బంతి విసరాల్సి వచ్చింది. నాలుగో డౌన్‌లో ఒక్క గజం కావలసిన చోట రెండుసార్లు ఆపేశారు. ఇంకోవైపు టైటన్స్ రన్నింగ్ బ్యాక్ డెరిక్ హెన్రీ 195 గజాలు పరిగెత్తుతూ జాక్సన్‌ని బెంచీ మీదే కూర్చోబెట్టాడు. పరుగు జట్టుని ఎదుర్కొనే ప్రణాళికలో సగం మన ఆఫెన్స్‌దే అని డిఫెన్స్ కోచ్‌లు చెప్పుకునేది ఇందుకే.

2024లో అదే హెన్రీ బాల్టిమోర్‌కి వచ్చి జాక్సన్ పక్కన నిలబడ్డాడు. హెన్రీ 1,921 గజాలు, జాక్సన్ 915, దానికి తోడు జాక్సన్ పాస్‌ల్లో 4,172. ఇద్దరిలో ఎవరిని వదలాలో తేల్చుకోవడం ఆ ఏడాది ప్రతి కోచ్‌కీ పరీక్షే. 2025 జనవరి 19న బఫెలోలో బిల్స్ వాళ్ళని 27-25తో దాటింది. గజాల్లో మాత్రం బాల్టిమోర్‌దే పైచేయి, 416కి 273. కానీ బాల్టిమోర్ మూడుసార్లు బంతి పోగొట్టుకుంది, బఫెలో ఒక్కసారీ పోగొట్టుకోలేదు.