ప్లీడరు గారి బీరువాలో మన కాగితాలు

డాక్టరు దగ్గరా వకీలు దగ్గరా దాపరికం ఉండకూడదని పెద్దవాళ్లు అంటుంటారు. ఆ మాట నమ్మి వకీలు బల్ల మీద అన్నీ పరిచేస్తాం. ఒక మామూలు విడాకుల కేసు కట్ట విప్పి చూడండి. పెళ్లి ఫోటోలు, ఆధార్ జిరాక్సు, ఆర్నెల్ల శాలరీ స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు, పిల్లల కోసం ఆస్పత్రుల చుట్టూ తిరిగిన నాటి రిపోర్టులు, అర్ధరాత్రి ఒకరినొకరు తిట్టుకున్న వాట్సాప్ చాట్ ప్రింట్లు. కన్న తల్లికి కూడా చూపించనివి. వాటి పైన ఒకే ఒక్క పేజీ వకాలత్‌నామా. సంతకం పెట్టింది ఆ ఒక్క కాగితం మీదే, అప్పజెప్పింది మాత్రం ఇల్లంతా.

ఈ కట్టకు కాపలా ఎవరు అనే ప్రశ్న 2025 చివర్లో రెండు వైపుల నుంచి ముందుకొచ్చింది. దర్యాప్తు సంస్థలు వకీళ్లకు సమన్లు పంపడం మీద సుప్రీంకోర్టు అక్టోబరు 31న తీర్పు చెప్పింది. ఆ తర్వాత రెండు వారాలకే కేంద్రం డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ నియమాలను నోటిఫై చేసింది. మొదటిదాని మూలం 1872లో ఉంది. రెండోది కంప్యూటర్ల కాలంలో వచ్చింది. ఒకే కట్ట గురించి మాట్లాడుతున్నా ఈ రెండు చట్టాలకు ఒకదానితో ఒకటి పెద్దగా పరిచయం లేదు. చిక్కంతా అక్కడే ఉంది.

ముందు 1872 సంగతి. వైస్రాయి కౌన్సిల్లో న్యాయ సభ్యుడిగా ఉన్న జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ రాసిన భారత సాక్ష్య చట్టం ఆ ఏడాది అమల్లోకి వచ్చింది. అందులో 126వ సెక్షన్ బారిస్టరు, అటార్నీ, ప్లీడరు, వకీలు అని నలుగురినీ పేరుపేరునా పిలిచి చెబుతుంది: వృత్తిలో భాగంగా కక్షిదారు చెప్పిన మాటను అతను స్పష్టంగా ఒప్పుకుంటే తప్ప బయటపెట్టకూడదు. చూపించిన పత్రంలో ఏముందో చెప్పకూడదు. తాను ఇచ్చిన సలహా కూడా చెప్పకూడదు. కేసు అయిపోయినా ఈ బాధ్యత పోదు.

ఆ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణలు ఇప్పుడు చదివినా చిన్న కథల్లా ఉంటాయి. ఒకడు వచ్చి, 'నేను ఫోర్జరీ చేశాను, నా తరఫున వాదించండి' అంటాడు. ఆ మాటకు రక్షణ ఉంది. తప్పు చేశాడని తెలిసిన మనిషి తరఫున వాదించడం నేరమేమీ కాదు. ఇంకొకడు వచ్చి, 'ఈ దొంగ దస్తావేజు పెట్టి దావా వేయండి, ఆస్తి నాకు రావాలి' అంటాడు. దీనికి రక్షణ లేదు. జరిగిపోయిన నేరం చెప్పుకోవచ్చు, జరగబోయే నేరానికి వకీలును తోడు రమ్మనకూడదు. మూడోది మరీ సూక్ష్మం. డబ్బు కాజేశాడని కేసున్న మనిషి లెక్కల పుస్తకంలో, తాను కేసు పట్టిన రోజున లేని పద్దు ఒకటి కొత్తగా కనబడింది వకీలుకు. ఆ డబ్బు తన ఖాతాలోనే రాసుకున్నట్టు చూపించే పద్దు. మధ్యలో ఎవరో పుస్తకాన్ని దిద్దారన్నమాట. అది రహస్యం కిందికి రాదు.

127వ సెక్షన్ ఇదే కట్టుబాటును దుబాసీలకు, గుమాస్తాలకు, నౌకర్లకు కూడా పెట్టింది. ఇది చిన్న విషయం కాదు. జూనియరుకు తెలియనిది, సీనియరు మరచిపోయినది కూడా గుమాస్తాకు గుర్తుంటుంది. ఏ కట్ట ఏ అరలో ఉందో, ఎవరు ఎంత బాకీయో, ఏ పార్టీ ఎవరితో లోపాయికారీగా రాజీ మాట్లాడుతున్నాడో ఆయనకే తెలుసు. స్టీఫెన్‌కు ఆఫీసు ఎలా నడుస్తుందో తెలుసనిపిస్తుంది.

అయితే ఈ సెక్షన్లన్నీ చట్టంలో ఉన్నది సాక్షుల అధ్యాయంలో. వకీలును బోనెక్కించి మాట రాబట్టకుండా చూడటం వాటి పని. ఆఫీసులో దొంగలు పడితే ఏమిటి, పాత కట్టలు చిత్తుకాగితాల వాడికి అమ్మేస్తే ఏమిటి అన్న ఊసే లేదు. నోటికి తాళం వేశారు, బీరువా సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

1961 అడ్వకేట్ల చట్టం తర్వాత పాత తరగతులు పోయి అందరూ అడ్వకేట్లయ్యారు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ప్రవర్తనా నియమాల్లో 126ను మీరకూడదని విడిగా రాసింది. కక్షిదారు నమ్మకాన్ని సొంత లాభానికి వాడుకోకూడదని ఇంకో నియమం పెట్టింది. తప్పితే మందలింపు, కొన్నాళ్లు ప్రాక్టీసు బందు, మరీ పెద్ద తప్పయితే జాబితాలోంచి పేరు కొట్టేయడం. ఎంత శిక్ష పడినా అది వకీలుకూ వృత్తికీ మధ్య వ్యవహారమే. గుట్టు రట్టయిన మనిషి చేతికి ఏమీ రాదు.

బీరువా గురించి సుప్రీంకోర్టు సూటిగా మాట్లాడిన సందర్భం 2000లో వచ్చింది, అదీ ఫీజు గొడవలో. మధ్యప్రదేశ్‌లో ఒక సహకార బ్యాంకు తన లాయరును మార్చుకుని ఫైళ్లు ఇచ్చేయమంది. తనకు 97 వేల రూపాయల పైచిలుకు రావాలని, అది తేలేదాకా ఫైళ్లు ఇవ్వనని ఆయన భీష్మించుకున్నాడు. ఆర్.డి. సక్సేనా కేసుగా పేరుపడ్డ ఈ వివాదంలో కోర్టు, ఫీజు బాకీ ఉంటే దావా వేసుకోవచ్చు కానీ కేసు కాగితాలను తాకట్టు సరుకులా పట్టుకోకూడదని తేల్చింది. కాగితాలు కక్షిదారువే. ఇప్పటికీ ఎన్నో ఆఫీసుల్లో ఈ తీర్పు తెలిసీ తెలియనట్టే ఉంటారు.

ప్రైవసీ అనే మాట వేరే దారిన వచ్చింది. దాన్ని ఆధునిక న్యాయశాస్త్రంలోకి తెచ్చిన 1890 నాటి వ్యాసం రాసింది బోస్టన్‌లో కలిసి ప్రాక్టీసు చేసిన ఇద్దరు లాయర్లు, శామ్యూల్ వారెన్, లూయీ బ్రాండైస్. వాళ్ల చిరాకంతా పత్రికల మీద, అప్పుడే వచ్చిన క్షణాల్లో ఫోటో తీసే కెమెరాల మీద. సొంత ఆఫీసు బీరువా మీద కాదు. మన దగ్గర సుప్రీంకోర్టు 1954లో ఎనిమిది మంది జడ్జీలతో, 1962లో ఆరుగురితో ప్రైవసీకి రాజ్యాంగ హోదా లేదన్నట్టే మాట్లాడింది. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీలు ఏకగ్రీవంగా అది ప్రాథమిక హక్కేనన్నారు. ఆ పిటిషను వేసిన పుట్టస్వామి కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి.

ఈలోగా ఒకటి జరిగింది, ఎవరూ గమనించలేదు. ఐటీ (సమాచార సాంకేతిక) చట్టానికి చేసిన సవరణతో 2009లో 43ఏ సెక్షన్ అమల్లోకి వచ్చింది. కంప్యూటర్లోని సున్నితమైన సమాచారాన్ని నిర్లక్ష్యంగా ఉంచి ఎవరికైనా నష్టం తెస్తే పరిహారం కట్టాలంటుంది అది. దాని నిర్వచనంలో కంపెనీలతో పాటు, వృత్తి చేసుకునే ఫర్ములు, ఒంటరిగా నడిపే సంస్థలు కూడా ఉన్నాయి. అంటే లా ఫర్ములు ఆనాటి నుంచే ఆ పరిధిలో ఉన్నాయి. 2011 నియమాలు పాస్‌వర్డులు, బ్యాంకు వివరాలు, ఆరోగ్య రికార్డులు ఈ సున్నితమైన కోవలోకి వస్తాయని చెప్పాయి. మొదట చెప్పుకున్న విడాకుల కట్టలో బ్యాంకు వివరాలూ ఉన్నాయి, ఆరోగ్య రికార్డులూ ఉన్నాయి.

వకీలు ఆఫీసు అంటే సమాచారపు గోదాము అని ప్రపంచానికి తెలిసొచ్చింది 2016 ఏప్రిల్లో. పనామాలోని మొసాక్ ఫోన్సెకా అనే లా ఫర్మ్ నుంచి కోటీ 15 లక్షల పత్రాలు, 2.6 టెరాబైట్లు, బయటికి పొక్కాయి. పన్ను ఎగవేతలు, దొంగ కంపెనీలు బయటపడ్డందుకు జనం సంతోషించారు, సంతోషించదగ్గదే. రెండేళ్లకే ఆ ఫర్మ్ మూతపడింది. నలభై ఏళ్ల ఫైళ్లు ఒక్క దెబ్బకు బయటికి పోగలవని మిగతా ఫర్ములకు అప్పుడే అర్థమైంది.

పుట్టస్వామి తీర్పుకు కాస్త ముందు డేటా రక్షణ మీద వేసిన శ్రీకృష్ణ కమిటీతో మొదలైన ముసాయిదాల ప్రయాణం 2019 బిల్లు, 2022లో దాని ఉపసంహరణ దాటుకుని 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంగా ముగిసింది. వకీళ్లు చూడవలసింది అందులో 17వ సెక్షన్. చట్టపరమైన హక్కును అమలు చేయించుకోవడానికి డేటా అవసరమైతే చాలా బాధ్యతల నుంచి మినహాయింపు ఉంది. ఉండాలి కూడా. ప్రతివాది గురించి సేకరించిన వివరాలకు ప్రతివాది దగ్గరే అనుమతి తెచ్చుకోమంటే దావాలే నడవవు. తన డేటా చెరిపేయమని అతను అర్జీ పెడితే సాక్ష్యం గంగలో కలుస్తుంది.

అయినా ఆ మినహాయింపు రెండింటిని వదల్లేదు. డేటాను భద్రంగా ఉంచే బాధ్యత అలాగే ఉంది. మన తరఫున ఇంకెవరైనా ఆ డేటాను చూసుకుంటుంటే వాళ్ల పనికి జవాబుదారీ మనమే అన్నదీ అలాగే ఉంది. భద్రతలో విఫలమైతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. ఆ డబ్బు వెళ్లేది భారత సంచిత నిధికి, అంటే ప్రభుత్వ ఖజానాకు. పాత 43ఏ కింద కనీసం పేరుకైనా ఉన్న పరిహారం, కొత్త చట్టం పూర్తిగా అమలయ్యాక పోతుంది. నా లెక్కలో ఈ చట్టంలోని పెద్ద లోటు ఇదే. నష్టపోయింది ఒకరు, జమ అయ్యేది ఇంకొకరి ఖాతాలో.

ఇంకో విచిత్రం. ఈ చట్టం డిజిటల్ రూపంలో ఉన్నదానికే వర్తిస్తుంది. తుప్పు పట్టిన బీరువాలో ఎర్ర దారం కట్టిన కట్టకు వర్తించదు. ఈ-ఫైలింగ్ కోసం దాన్ని స్కాను చేసిన నిమిషం నుంచి ఆ పీడీఎఫ్‌కు వర్తిస్తుంది. ప్రధాన బాధ్యతలు నోటిఫికేషను నుంచి 18 నెలలకు, అంటే 2027 మేలో మొదలవుతాయి.

ఇక అక్టోబరు తీర్పు. ఇద్దరు సీనియర్ అడ్వకేట్లకు ఈడీ సమన్లు పంపి, గొడవయ్యాక 2025 జూన్‌లో వెనక్కి తీసుకోవడంతో ఈ వ్యవహారం పెద్దదైంది. పాత 126, 127 ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియంలో 132వ సెక్షన్. దాని మినహాయింపుల్లోకి వస్తే తప్ప కక్షిదారు వివరాల కోసం వకీలుకు సమన్లు ఇవ్వకూడదని, ఇస్తే ఏ మినహాయింపు కిందో రాయాలని, ఎస్పీ హోదాకు తగ్గని అధికారి ఆమోదం ఉండాలని కోర్టు చెప్పింది. కంపెనీలో జీతానికి పనిచేసే లాయర్లకు ఈ సెక్షన్ రక్షణ లేదంది. వకీలు దగ్గరున్న పత్రాలను హాజరుపరచడం కూడా 132 రక్షణ కిందికి రాదంది, వాటిని కోర్టు ముందే పెట్టాలంది. 1872 నాటి తేడా అలాగే మిగిలింది: మాటకు ఉన్న కవచం కాగితానికి లేదు.

ఫోను, ల్యాప్‌టాప్ విషయంలో మాత్రం కోర్టు ఒక అడుగు ముందుకేసింది. వాటిని కూడా కోర్టు ముందే పెట్టాలి. తెరవాల్సి వస్తే వకీలు, కక్షిదారు సమక్షంలో, వాళ్లు ఎంచుకున్న సాంకేతిక నిపుణుణ్ని వెంట ఉంచుకుని తెరవాలి. మిగతా కక్షిదారుల రహస్యాలు బయటపడకుండా చూడాలి. వకీలు ఫోన్లో ఒక్కరి కేసే ఉండదని గుర్తించిన మాట ఇది.

కోర్టుల చుట్టూ ఉండే డీటీపీ సెంటర్ల సంగతి ఏ తీర్పులోనూ లేదు. ఒకసారి ఒక అఫిడవిట్ ప్రింటు కోసం అలాంటి చోట నిలబడ్డాను. కుర్రాడు 'ఫైల్ పేరేంటి సార్' అంటూ డెస్క్‌టాప్ తెరిచాడు. మనుషుల పేర్లతో వరసగా ఫోల్డర్లు, భరణం కేసులు, చెక్ బౌన్స్ కేసులు, వీలునామాలు. నా ఫైలు వెతుకుతూ పొరపాటున ఇంకొకరిది తెరిచి, మూసేసి, నవ్వాడు. 132వ సెక్షన్ వకీలు గుమాస్తాకు, ఆయన ఉద్యోగులకు వర్తిస్తుంది. ఆ కుర్రాడు ఎవరి ఉద్యోగీ కాదు, పేజీకి ఇంతని తీసుకుంటాడు. 2027 మే తర్వాత ఆ డెస్క్‌టాప్‌కు జవాబు చెప్పుకోవలసింది పని పంపించిన వకీలే.