షెడ్డు మీది ప్యానెళ్లు, షెడ్డు కింది లీకులు: కర్మాగారాల ఇంధన వినియోగంపై అపోహలు – వాస్తవాలు

పరిశ్రమల్లో ఇంధన ఆడిట్లు చేయడం నా వృత్తి. స్పిన్నింగ్ మిల్లులు, మందుల కంపెనీలు, ఫౌండ్రీలు, బియ్యం మిల్లుల యజమానులు ఫోన్ చేసినప్పుడు మొట్టమొదట అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "మా షెడ్డు మీద ఎన్ని కిలోవాట్ల సోలార్ పడుతుంది?" జవాబు చెప్పడం కష్టమేమీ కాదు. నీడ పడని వంద చదరపు అడుగులకు సుమారు ఒక కిలోవాట్ చొప్పున లెక్క వేసుకుంటే చాలు. అయితే ఫ్యాక్టరీలో కరెంటు ఎక్కడెక్కడికి పోతోందో, అందులో ఎంత వృథా అవుతోందో తెలుసుకోకుండా ప్యానెళ్లు బిగిస్తే, ఓటి కుండ నింపడానికి ఇంకో బావి తవ్వించినట్టు ఉంటుంది. అందుకే నేను ముందుగా గత పన్నెండు నెలల కరెంటు బిల్లులు, బాయిలర్ ఇంధనం లెక్కలు, నెలవారీ ఉత్పత్తి వివరాలు పంపమని అడుగుతాను. ఆ కాగితాలు ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడు పదేపదే ఎదురయ్యే అపోహలను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: మా కాంట్రాక్ట్ డిమాండ్ (విద్యుత్ సంస్థ నుంచి ఒక్కసారిగా తీసుకోవడానికి ఒప్పందం చేసుకున్న గరిష్ఠ లోడు) ఒక మెగావాట్. ఒక మెగావాట్ సోలార్ పెట్టుకుంటే బిల్లు సున్నా అవుతుంది.

వాస్తవం: కిలోవాట్ అనేది సామర్థ్యం, యూనిట్ అనేది వాడకం. ఈ రెండింటినీ కలిపి చూడడం వల్లనే ఈ అపోహ పుడుతుంది. మన ప్రాంతంలో ఒక కిలోవాట్ ప్యానెళ్లు రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తాయి కాబట్టి, ఒక మెగావాట్ ప్లాంటు ఏడాదికి 14 నుంచి 15 లక్షల యూనిట్లు ఇస్తుంది. మూడు షిఫ్టులు నడిచే ఫ్యాక్టరీ సగటున 700 కిలోవాట్ల లోడు మీద ఏడాది పొడవునా నడిస్తే 61 లక్షల యూనిట్లు వాడుతుంది. అంటే లక్ష చదరపు అడుగుల కప్పు మొత్తం ప్యానెళ్లతో నింపినా అవసరంలో నాలుగో వంతు కూడా తీరదు. ఇది చెడ్డ ఫలితమని నేను అనను. నాలుగో వంతు అంటే చిన్న విషయం కాదు. కాకపోతే యజమాని బ్యాంకు రుణానికి వెళ్లేటప్పుడు ఆ నాలుగో వంతును దృష్టిలో పెట్టుకుని వెళ్లాలి తప్ప, బిల్లు సున్నా అవుతుందన్న ఆశతో వెళ్లకూడదు.

ఇందులో రెండో మెలిక డిమాండ్ చార్జీ. మన రెండు రాష్ట్రాల్లోనూ హెచ్‌టీ (ఎక్కువ వోల్టేజీ లైను నుంచి కరెంటు తీసుకునే) వినియోగదారుడు నెలలో నమోదైన గరిష్ఠ డిమాండ్‌కు గానీ, కాంట్రాక్ట్ డిమాండ్‌లో 80 శాతానికి గానీ, ఏది ఎక్కువైతే దానికి చార్జీ కట్టాలి. గరిష్ఠ డిమాండ్ రాత్రి షిఫ్టులో నమోదైతే పగటి సోలార్ దానిని ఒక్క కేవీఏ (డిమాండ్‌ను కొలిచే ప్రమాణం) కూడా తగ్గించలేదు. సాయంత్రం 6 నుంచి రాత్రి 10 వరకు పీక్ రేటు (వాడకం ఎక్కువగా ఉండే వేళకు పెట్టిన అధిక ధర) అమలయ్యే గంటల్లోనూ ప్యానెళ్లు నిద్రపోతూనే ఉంటాయి.

అపోహ: పొదుపు అంటే లైట్లు, ఫ్యాన్లు ఆపడం. అది మేం ఎప్పుడో చేసేశాం.

వాస్తవం: ఎల్‌ఈడీ లైట్లు పెట్టిన తర్వాత ఫ్యాక్టరీ బిల్లులో లైట్ల వాటా చాలా చిన్నది. అసలు ఖర్చు మోటార్లలో, కంప్రెసర్లలో, చిల్లర్లలో, ఫర్నేసుల్లో ఉంటుంది. వీటిలో నాకు అన్నిటికంటే ఎక్కువ పని కల్పించేది కంప్రెస్డ్ ఎయిర్, అంటే కంప్రెసర్ ఒత్తిడి పెంచి పైపుల్లోకి పంపే గాలి. కంప్రెసర్ మోటార్ తీసుకునే కరెంటులో 10 నుంచి 15 శాతం మాత్రమే చివరికి ఉపయోగకరమైన పనిగా మారుతుంది. మిగిలినదంతా వేడిగా బయటికి పోతుంది. ఇంత ఖరీదైన గాలిని యంత్రాల మీద దుమ్ము ఊదడానికీ, మధ్యాహ్నం చెమట ఆర్చుకోవడానికీ వాడడం నేను చూడని ఫ్యాక్టరీ లేదు.

ఒకసారి ఒక ప్లాస్టిక్ విడిభాగాల యూనిట్‌కు వారాంతపు సెలవు రోజున వెళ్లాను. షెడ్డులో వాచ్‌మన్ తప్ప మనిషి లేడు, ఒక్క యంత్రమూ నడవడం లేదు, కానీ కంప్రెసర్ మాత్రం క్రమం తప్పకుండా లోడు తీసుకుంటూ, అంటే గాలి నింపుతూ, మళ్లీ వదులుతూ ఉంది. సెల్‌ఫోన్‌లో టైం చూసుకుంటూ కూర్చున్నాను. మూడు నిమిషాలు లోడు, ఆరు నిమిషాలు అన్‌లోడు. లోడు సమయాన్ని మొత్తం సమయంతో భాగిస్తే మూడో వంతు వచ్చింది. అంటే ఆ కంప్రెసర్ సామర్థ్యంలో మూడో వంతు ఏ వస్తువునూ తయారు చేయకుండా పైపుల చిల్లుల్లోంచి పోతోందన్నమాట. యజమాని అప్పటికే ఇంకో కంప్రెసర్‌కు కొటేషన్ తెప్పించి పెట్టుకున్నారు. ఏడు బార్ ఒత్తిడిలో మూడు మిల్లీమీటర్ల చిల్లు ఒక్కటే దాదాపు మూడు కిలోవాట్లు మింగుతుంది. ఏడాదికి 8,000 గంటలు నడిచే ఫ్యాక్టరీలో అది 24,000 యూనిట్లు, యూనిట్ ఏడు రూపాయలు అనుకుంటే లక్షా అరవై ఎనిమిది వేల రూపాయలు. దానిని ఆపడానికి కావలసింది ఒక కొత్త కప్లింగో, కొన్ని రూపాయల టెఫ్లాన్ టేపో, సబ్బు నీళ్ల సీసా పట్టుకుని తిరిగే ఓపికున్న ఒక ఫిట్టరో మాత్రమే. ఒత్తిడి సంగతి కూడా ఇలాంటిదే. ఎక్కడో ఒక్క యంత్రానికి కావాలని మొత్తం లైనును ఎక్కువ ఒత్తిడిలో నడుపుతుంటారు. ఒక బార్ తగ్గిస్తే కంప్రెసర్ కరెంటు ఆరేడు శాతం తగ్గుతుంది.

అపోహ: మోటార్ కాలిపోతే రివైండింగ్ (లోపలి తీగ చుట్టను మార్చడం) చేయించడమే చవక.

వాస్తవం: ఆ రోజుకు చవకే. మోటార్ జీవితకాలంలో దాని కొనుగోలు ధర చాలా చిన్న భాగం, మిగిలినదంతా అది తాగే కరెంటు. 50 హెచ్‌పీ, అంటే 37 కిలోవాట్ల మోటార్ ఒకటి రెండు మూడుసార్లు రివైండింగ్ అయి 90 శాతం దక్షతకు దిగిపోయిందనుకుందాం. దాని స్థానంలో 94 శాతానికి దగ్గరగా ఉండే ఐఈ3 (అధిక దక్షత శ్రేణి) మోటార్ పెడితే, ముప్పావు లోడు మీద గంటకు ఒకటింపావు యూనిట్ మిగులుతుంది. 8,000 గంటలకు అది పది వేల యూనిట్లు. రివైండింగ్ చేసేవారిని నేను తప్పు పట్టను. పాత చుట్టను తీయడానికి కోర్‌ను మంట పెట్టి కాల్చడం వల్లనే ఎక్కువ నష్టం జరుగుతుంది, అలా కాల్చక తప్పని పరిస్థితి కల్పించేది రాత్రికి రాత్రే మోటార్ కావాలని తొందరపెట్టే మనమే.

అపోహ: వీఎఫ్‌డీ (మోటార్ వేగాన్ని అవసరానికి తగ్గట్టు మార్చే డ్రైవ్) పెడితే ఎక్కడైనా 30 శాతం ఆదా.

వాస్తవం: ఫ్యాన్ వేగాన్ని 20 శాతం తగ్గిస్తే అది తీసుకునే శక్తి దాదాపు సగానికి పడిపోతుంది, ఎందుకంటే శక్తి వేగానికి ఘనంగా మారుతుంది. 0.8ని మూడుసార్లు గుణిస్తే 0.51 వస్తుంది. డ్యాంపర్ (గాలి దారిని మూసే తలుపు) సగం మూసి నడుపుతున్న బ్లోయర్లకు ఈ లెక్క అద్భుతంగా పనిచేస్తుంది. కానీ ఎప్పుడూ పూర్తి వేగంతోనే నడవాల్సిన యంత్రానికి వీఎఫ్‌డీ పెడితే, ఆదా లేకపోగా ఆ డ్రైవ్ తన వంతుగా రెండు మూడు శాతం తినేస్తుంది. నీటిని ఎత్తైన ట్యాంకుకు తోసే పంపుల విషయంలోనూ ఘన సూత్రం అలాగే వర్తించదు, ఎందుకంటే వేగం ఎంత తగ్గించినా ఎత్తు తగ్గదు. వృత్తిలోకి వచ్చిన కొత్తలో సరిగ్గా ఇలాంటి పంపుకే నేను నివేదికలో 40 శాతం ఆదా అని రాసి, మీటర్ పెట్టి చూసిన రోజున పన్నెండు శాతం చూసి తలదించుకున్నాను.

అపోహ: పవర్ సేవర్ పెట్టె బిగిస్తే యూనిట్లు తగ్గుతాయి.

వాస్తవం: ఆ పెట్టెల్లో సాధారణంగా ఉండేది ఒక కెపాసిటర్. హెచ్‌టీ బిల్లు కేవీఏహెచ్ (పనికొచ్చినా రాకపోయినా లైను నుంచి తీసుకున్న మొత్తం) లెక్కన వస్తుంది కాబట్టి పవర్ ఫ్యాక్టర్ (అందులో నిజంగా పనికొచ్చే వాటా) 0.90 నుంచి 0.99కి పెరిగితే బిల్లులోని యూనిట్లు సుమారు తొమ్మిది శాతం తగ్గే మాట నిజమే. అయితే దానికి కావలసింది లోడుకు సరిపడే కెపాసిటర్ ప్యానెల్ తప్ప గోడకు తగిలించే పెట్టె కాదు. మీ పవర్ ఫ్యాక్టర్ ఇప్పటికే 0.99 ఉంటే అందులో మిగుల్చుకోవడానికి ఏమీ లేదు.

అపోహ: ఎండ ఎంత మండితే సోలార్ అంత ఎక్కువ ఇస్తుంది.

వాస్తవం: ప్యానెల్‌కు కావలసింది వెలుతురు, వేడి కాదు. ప్యానెల్ సామర్థ్యాన్ని 25 డిగ్రీల దగ్గర కొలుస్తారు. ఆపై ప్రతి డిగ్రీకి 0.35 శాతం చొప్పున ఉత్పత్తి తగ్గుతుంది. రామగుండం మే నెల ఎండలో రేకుల షెడ్డు మీద ప్యానెల్ 65 డిగ్రీలకు చేరితే 14 శాతం అక్కడే పోతుంది. అందుకే రేకుకూ ప్యానెల్‌కూ మధ్య గాలి ఆడే ఖాళీ వదలాలి. కోస్తాలో ఈ ఖాళీ వదిలేటప్పుడు గాలివాన లెక్క తప్పనిసరి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నంలో ఎన్ని షెడ్ల రేకులు లేపేసిందో చూసినవారికి దీని గురించి వేరే చెప్పనక్కర్లేదు.

అపోహ: సోలార్ ఉంటే కరెంటు పోయినా ఫ్యాక్టరీ ఆగదు.

వాస్తవం: గ్రిడ్‌కు అనుసంధానించిన మామూలు ఇన్వర్టర్ లైన్లో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. లైను మీద పనిచేసే కార్మికుడికి షాక్ కొట్టకుండా ఉండటానికి పెట్టిన రక్షణ ఏర్పాటు అది. జనరేటర్‌తో కలిపి నడపవచ్చు గానీ, దానికి ప్రత్యేక కంట్రోలర్ కావాలి, జనరేటర్ మీద కనీసం 30 శాతం లోడు ఉంచాలి.

అపోహ: క్యాప్టివ్ ప్లాంటులో (వాడకందారులే వాటాదారులుగా ఉండే విద్యుత్ ప్లాంటులో) 26 శాతం వాటా కొంటే చవక కరెంటు జీవితాంతం వస్తుంది.

వాస్తవం: కప్పు మీద చోటు చాలని కంపెనీలకు బయటి సౌర, పవన ప్లాంట్ల నుంచి కరెంటు తెచ్చుకోవడం మంచి మార్గమే. 2022 జూన్‌లో వచ్చిన గ్రీన్ ఓపెన్ యాక్సెస్ (బయటి పునరుత్పాదక కరెంటును గ్రిడ్ లైన్ల మీదుగా తెచ్చుకునే వీలు) నిబంధనలు అర్హతను ఒక మెగావాట్ నుంచి వంద కిలోవాట్లకు దించడంతో మధ్యతరహా యూనిట్లకూ ఈ దారి తెరుచుకుంది. అయితే 2005 నాటి విద్యుత్ నిబంధనల ప్రకారం 26 శాతం యాజమాన్యం ఉంటే సరిపోదు. ఆ ప్లాంటు ఏడాదిలో ఉత్పత్తి చేసే కరెంటులో కనీసం 51 శాతాన్ని క్యాప్టివ్ వాటాదారులే వాడాలి. ఆర్డర్లు తగ్గి ఆ వాడకం పడిపోతే, ఆ ఏడాదికి క్యాప్టివ్ హోదా పోయి, క్రాస్ సబ్సిడీ సర్‌చార్జి (ఇతర వర్గాలకిచ్చే రాయితీని పూడ్చడానికి వేసే అదనపు రుసుము) మీద పడుతుంది.

అమ్మేవారి ప్రెజెంటేషన్లలో నేను ఎక్కువగా చూసే పొరపాటు, అది పొరపాటేనని అనుకుందాం, ఇంకొకటి ఉంది. నెలకు మూడు లక్షల యూనిట్లు వాడే ఫ్యాక్టరీకి 26 లక్షల బిల్లు వచ్చిందనుకోండి. భాగించి, మీకు యూనిట్ 8 రూపాయల 67 పైసలు పడుతోంది, మేం ఐదున్నరకే ఇస్తాం అంటారు. కానీ ఆ 26 లక్షల్లో డిమాండ్ చార్జీ ఐదు లక్షలు ఉంటే, అది బయటి కరెంటు తెచ్చుకున్నా కట్టక తప్పదు. కాబట్టి పోల్చవలసింది 8.67తో కాదు, ఏడు రూపాయలతో. మూడు రూపాయలకు పైగా కనిపించిన లాభం రూపాయిన్నరకు దిగింది. వీలింగ్, ట్రాన్స్‌మిషన్ చార్జీలు (లైన్లు వాడుకున్నందుకు కట్టేవి), దారిలో పోయే నష్టాలు, బ్యాంకింగ్ కోత (మిగులు కరెంటును గ్రిడ్‌లో దాచుకున్నందుకు పడేది) అందులోంచే తీయాలి. ఈ తీసివేతల తర్వాత కూడా లాభం నిలిచిన ఒప్పందాలు నేను చూశాను, సంతకం చేయమని సలహా కూడా ఇచ్చాను.

అపోహ: మేం ఊకతో బాయిలర్ నడుపుతున్నాం. అది పునరుత్పాదక ఇంధనమే, ఇక పొదుపుతో పనేముంది?

వాస్తవం: మిర్యాలగూడ వైపు పారాబాయిల్డ్ (ధాన్యాన్ని ఉడికించి ఆరబెట్టి ఆడించే) మిల్లుల్లో ఈ మాట తరచుగా వింటాను. సొంత మిల్లు ఊక కాబట్టి ఉచితం అనిపిస్తుంది. కానీ కాల్చకుండా మిగిలిన ప్రతి బస్తా ఊకకూ బయట కొనేవాళ్లున్నారు. పొగగొట్టంలోంచి వెళ్లే వాయువుల ఉష్ణోగ్రతను 22 డిగ్రీలు తగ్గిస్తే బాయిలర్ దక్షత ఒక శాతం పెరుగుతుంది, లోపలికి వెళ్లే నీటిని ఆరు డిగ్రీలు వేడి చేస్తే ఇంధనం ఒక శాతం మిగులుతుంది. స్టీమ్ చల్లబడి ఏర్పడే కండెన్సేట్ నీటిని కాలువలోకి వదిలేస్తున్న మిల్లులో ఈ రెండో లెక్క ఒక్కటే పది శాతానికి చేరడం నేను చూశాను.

చాలా పరిశ్రమల్లో కరెంటు కంటే వేడి ఖర్చే ఎక్కువ. అయినా పునరుత్పాదక ఇంధనం అనగానే అందరి చూపూ కప్పు మీదికే పోతుంది. తిరుమలలో 2002లోనే 106 పారాబోలిక్ డిష్‌లతో సూర్యరశ్మి నుంచి ఆవిరి పుట్టించి పదిహేను వేల మందికి వంట చేసే ఏర్పాటు వచ్చింది. సూర్యుడి నుంచి ఆవిరి కూడా తీయవచ్చని చెప్పడానికి నేను ఇప్పటికీ ఆ ఉదాహరణనే ఎత్తుతాను.

అపోహ: బిల్లు తగ్గింది కాబట్టి పొదుపు జరిగినట్టే.

వాస్తవం: ఒక ఫ్యాక్టరీ నెలకు 1,000 టన్నులు చేసినప్పుడు నాలుగు లక్షల యూనిట్లు వాడిందనుకుందాం, అంటే టన్నుకు 400. మరో నెల 800 టన్నులు చేసి మూడున్నర లక్షలు వాడింది. బిల్లు తగ్గిందని అకౌంట్స్ వారు సంతోషిస్తారు. టన్నుకు 437 అయిందని ప్లాంట్ మేనేజర్ ఫోర్‌మన్‌ను కోప్పడతాడు. ఇద్దరిదీ తప్పే. నెలవారీ ఉత్పత్తినీ యూనిట్లనూ గ్రాఫు మీద చుక్కలుగా పెట్టి గీత గీస్తే, ఈ ఫ్యాక్టరీ ఏ నెలలోనైనా టన్నుకు 250 యూనిట్లు, వాటితో పాటు ఒక్క టన్ను చేయకపోయినా లక్షన్నర యూనిట్లు వాడుతుందని తెలుస్తుంది. లెక్క వేసి చూడండి, రెండు నెలలూ ఆ గీత మీదే ఉన్నాయి. పొదుపూ జరగలేదు, దుబారా పెరగనూ లేదు. ప్యానెళ్లు ఎన్ని కావాలో ఆ గీత చూశాకే తేల్చుకోవాలి, ఎందుకంటే ఉత్పత్తితో సంబంధం లేని ఆ లక్షన్నరలో ఖాళీగా తిరిగే కూలింగ్ టవర్ ఫ్యాన్లు, ఎవరూ ఆపని పంపులు, చిల్లుల పైపులకు గాలి నింపే కంప్రెసర్ ఉంటాయి. వాటిని పట్టుకోవడానికి నేను ఇప్పటికీ సెలవు రోజునే ఎంచుకుంటాను. వాచ్‌మన్‌కు ముందుగా చెప్పి ఉంచమని మాత్రం యజమానిని అడుగుతాను.